థీసిస్‌ను పుస్తకంగా వేస్తున్న చిన్నాకు పెద్దమ్మ రాసేది

చిన్నా,

నీ చెరువుల థీసిస్ పుస్తకంగా వస్తోందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. చివర్లో గ్రంథసూచి (వాడిన పుస్తకాల జాబితా), పదసూచిక (ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే జాబితా) పెట్టమన్నారని, నువ్వు రాసుకునే లిబ్రెఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో ఎలా చేయాలో తెలియక టెన్షన్ పడుతున్నావని కూడా చెప్పింది. ఉద్యోగమంతా లైబ్రరీలో చేసినదాన్ని కాబట్టి ఈ విషయంలో నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను, ఏమీ అనుకోకు. పరిశోధన చేసే పాఠకుడు పుస్తకం చేతికి రాగానే ముందు వెనక పేజీలు తిప్పుతాడు, తనకు కావాల్సిన ఊరు అందులో ఉందో లేదో చూస్తాడు. అక్కడ దొరక్కపోతే నువ్వు ఆ ఊరి గురించి పది పేజీలు రాసినా అతనికి రాయనట్టే.

అన్నిటికంటే ముందు ఒక పని చెయ్యి. కంప్యూటర్ తెరవకముందే కాగితం మీద పేర్లు రాసుకో. ఏ పేరును ఏ రూపంలో వాడతావో అక్కడే తేల్చెయ్. పాలంపేట అనా, పాలంపేట్ అనా? ఓరుగల్లా, వరంగల్లా? గణపతిదేవుడా, గణపతిదేవ చక్రవర్తా? రెండు రూపాలు రాస్తే పదసూచికలో రెండు వరుసలు వస్తాయి, సగం పేజీలు ఒకదాని కింద, సగం ఇంకోదాని కింద పడతాయి. ఆ రెండూ ఒకటేనని సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, చెప్పాల్సింది నువ్వే. రుద్రుల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడు. రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు వేరు, కాకతి రుద్రదేవుడు వేరు, ప్రతాపరుద్రుడు వేరు, రుద్రమదేవి సరేసరి. నీ అధ్యాయాల్లో చాలాచోట్ల ఉత్త "రుద్రుడు" అనే రాసి ఉంటావు కదా, ఆ ఒక్కొక్క చోటుకూ వెళ్లి ఎవరో చూసి గుర్తు పెట్టాలి. దీనికి అడ్డదారి లేదు.

ఇక గ్రంథసూచి. ఇది చివర్లో చేసే పని కాదు, ఇవాళే మొదలుపెట్టు. టూల్స్ మెనూలో బిబ్లియోగ్రఫీ డేటాబేస్ ఉంటుంది, ఒక్కో పుస్తకానికి ఒక్కో వరుస. అందులో షార్ట్ నేమ్ అనే గడి ముఖ్యం, దానికి ఒకే పద్ధతి పెట్టుకో: రచయిత ఇంటిపేరు, పక్కనే సంవత్సరం. ఒకే రచయితవి ఒకే ఏడాదివి రెండుంటే చివర అ, ఆ చేర్చు. తర్వాత రాతలో ఎక్కడ ఆ పుస్తకం ప్రస్తావన వచ్చినా చేత్తో టైప్ చేయకు. ఇన్సర్ట్ మెనూలో టేబుల్ ఆఫ్ కంటెంట్స్ అండ్ ఇండెక్స్‌లోకి వెళ్లి బిబ్లియోగ్రఫీ ఎంట్రీ ద్వారానే పెట్టు. అలా పెట్టినవే చివరి జాబితాలోకి వస్తాయి. చేత్తో రాసిన బ్రాకెట్టు చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది కానీ జాబితాలోకి రాదు.

ఇక్కడ చాలామందిని తికమక పెట్టే సంగతి ఒకటుంది. ఎంట్రీ పెట్టగానే ఆ పుస్తకం వివరాలు నీ ఫైల్‌లోకి కాపీ అయిపోతాయి, ఆ తర్వాత డేటాబేస్‌లో ఉన్నదానికంటే ఫైల్‌లో ఉన్నదానికే ప్రాధాన్యం. అంటే ఆర్నెల్ల తర్వాత డేటాబేస్‌లో ప్రచురణ సంవత్సరం సరిచేసి, ఫైల్‌లో మారలేదేమిటని తల పట్టుకోవద్దు. ఫైల్‌లో ఆ ఎంట్రీ మీద కర్సర్ పెట్టి, ఎడిట్ మెనూలో రిఫరెన్స్‌లోంచి బిబ్లియోగ్రఫీ ఎంట్రీ తెరిచి అక్కడ కూడా మార్చాలి. ఇందులో ఒక లాభమూ ఉంది, ఫైల్ ఒక్కటీ మీ గైడ్‌కు పంపినా వివరాలన్నీ దానితో పాటే వెళ్తాయి.

రచయితల పేర్ల విషయంలో ఇంగ్లీషు పద్ధతిని గుడ్డిగా అనుసరించకు. వాళ్లు ఇంటిపేరు వెనక రాస్తారు కాబట్టి జాబితాలో ముందుకు తెచ్చి కామా పెడతారు, మనకు ఇంటిపేరు ముందే ఉంటుంది, కామా ఎందుకు? ఉన్నది ఉన్నట్టు ఒకే వరుసలో రాసెయ్. జొటెరో అనే గ్రంథసూచి సాఫ్ట్‌వేర్ వాడదామనుకుంటే అందులో పేరుకు రెండు గడులు ఉంటాయి, పక్కనున్న చిన్న బొమ్మ నొక్కితే ఒక్క గడి అవుతుంది, తెలుగు పేర్లన్నీ అలా ఒక్క గడిలోనే రాయి. ఇంగ్లీషు పుస్తకాలు, తెలుగు పుస్తకాలు ఒకే జాబితాలో కలిపితే ఏ లిపివి ఆ లిపి గుంపుగా పడతాయి కాబట్టి మొదటినుంచీ రెండు విభాగాలనే అనుకుని రాసుకో. శాసనాలను మాత్రం పుస్తకాల్లో కలపకు, వాటికి వేరే జాబితా ఉండాలి, ఊరి పేరు, శక సంవత్సరం, అచ్చయిన సంపుటం, సంఖ్య ఇవి చాలు.

పదసూచికకు వద్దాం, అసలు శ్రమ ఇక్కడే. మాటను సెలెక్ట్ చేసి ఇన్సర్ట్‌లో ఇండెక్స్ ఎంట్రీ తెరువు. ఎంట్రీ గడిలో "తూము" అని, ఫస్ట్ కీ గడిలో "చెరువు నిర్మాణం" అని రాస్తే, సూచికలో చెరువు నిర్మాణం కింద తూము కొంచెం లోపలికి జరిగి కూర్చుంటుంది. కట్ట, అలుగు (నిండిన నీళ్లు పొర్లిపోయే చోటు), పూడికతీత, నీరటికాడు (పొలాలకు నీళ్లు వదిలే మనిషి), ఇలాంటివన్నీ ఇలా గుంపులుగా చెయ్యి. ఉత్త "చెరువు" అన్న మాటకు మాత్రం గుర్తు పెట్టొద్దు, పుస్తకమంతా చెరువుల గురించే అయినప్పుడు ఆ వరుస పక్కన వంద పేజీల నంబర్లు వస్తే ఎవరికి లాభం?

అక్కడే "అప్లై టు ఆల్ సిమిలర్ టెక్స్ట్స్" అనే టిక్ కనిపిస్తుంది, చూడగానే ప్రాణం లేచి వస్తుంది. కానీ అది తెలుగును ఎరిగి చేసింది కాదు. పూర్తి మాటలే వెతకమంటే "పాకాల" దొరుకుతుంది, "పాకాలలో" తప్పిపోతుంది. ముక్కలు కూడా వెతకమంటే "కట్ట" కోసం వెళ్లి "కట్టడం", "కట్టలేదు" అన్నీ పట్టుకొస్తుంది, చెరువుకట్ట ఎక్కడుందో చూద్దామని వచ్చినవాడు గుడి కట్టడం దగ్గర తేలతాడు. ఓరుగల్లు విభక్తి చేరితే ఓరుగంటి అవుతుంది, దాన్ని ఏ యంత్రం పట్టుకుంటుంది? "రామప్ప" అంటే గుడా, చెరువా అన్నది కూడా నువ్వే చెప్పాలి. పైగా ఆ టిక్ ఆ క్షణంలో ఉన్న మాటలకే పనిచేస్తుంది, రేపు నువ్వు కొత్తగా రాసే పేరాకు వర్తించదు.

అందుకని ఊర్ల పేర్లు, రాజుల పేర్ల వంటి తిరుగులేని వాటికి కాంకార్డెన్స్ ఫైల్ చేసుకో. ఇండెక్స్ పెట్టే డైలాగ్‌లోనే ఆ సదుపాయం ఉంది. ఒక గడిలో వెతకాల్సిన మాట, పక్క గడిలో సూచికలో కనిపించాల్సిన మాట. "ఓరుగల్లు", "ఓరుగంటి", "వరంగల్" మూడూ మూడు వరుసలుగా రాసి, మూడింటి పక్కనా "ఓరుగల్లు" అనే పెట్టు. "లక్నవరం", "లక్కవరం" అని రెండు రకాలుగా రాసి ఉంటే వాటికీ అంతే. కట్ట, తూము లాంటి మామూలు మాటలకు మాత్రం చేత్తోనే గుర్తు పెట్టు, రెండు మూడు రోజులు పడితే పట్టనీ. గుర్తు పెట్టిన మాటల వెనక బూడిద రంగు కనిపిస్తుంది, కనిపించకపోతే కంట్రోల్ ఎఫ్8 నొక్కు.

సూచిక తయారయ్యాక దాంట్లో నేరుగా దిద్దకు. అప్‌డేట్ నొక్కిన మరుక్షణం దిద్దినవన్నీ పోతాయి. తప్పు కనబడితే లోపల గుర్తు పెట్టిన చోటికి వెళ్లి సరిచెయ్యి. "వరంగల్: ఓరుగల్లు చూడు" లాంటి వరుసలకు మాత్రం లిబ్రెఆఫీస్‌లో సరైన దారి లేదు, పక్కన పేజీ నంబరు తప్పకుండా వచ్చేస్తుంది. కాబట్టి అవి ఒక కాగితం మీద రాసి ఉంచుకుని, ఆఖరి అప్‌డేట్ అయ్యాక చేత్తో చేర్చు. సూచిక మీద మార్పులకు తాళం ఉంటుంది, దాని సెట్టింగుల్లో ఆ టిక్ తీసేస్తే టైప్ చేయనిస్తుంది. వర్డ్ వాడేవాళ్లకు ఈ బాధ లేదు, ఆల్ట్ షిఫ్ట్ ఎక్స్ నొక్కితే వచ్చే పెట్టెలోనే క్రాస్ రిఫరెన్స్ ఉంది. కానీ ఇప్పుడు మధ్యలో ఫార్మాట్ మార్చకు. అసలు ప్రతి లిబ్రెఆఫీస్ సొంత ఫార్మాట్ ఓడీటీలోనే ఉండనీ, ఎవరైనా వర్డ్ ఫైల్ అడిగితే కాపీ మాత్రమే ఇవ్వు.

సూచిక సెట్టింగుల్లో భాష తెలుగు అని పెట్టావో లేదో చూసుకో, అకారాది క్రమం దాన్నిబట్టే వస్తుంది. అంగడి, అంబలి లాంటి సున్నా ఉన్న మాటలు ఎక్కడ పడ్డాయో ఒకసారి కంటితో చూడు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ప్రెస్ దగ్గర ఉంది. మన దగ్గర డీటీపీ చేసేవాళ్లు చాలామంది ఇంకా పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని "అను" ఫాంట్లతో చేస్తారు. నీ యూనికోడ్ రాతను మార్చి అందులోకి ఎక్కిస్తే నువ్వు పెట్టిన గుర్తులు ఒక్కటీ మిగలవు, పేజీలు కూడా మారిపోతాయి, సూచికలోని నంబర్లన్నీ అబద్ధాలవుతాయి. పైగా "అను" ఫాంట్ల రాతలో తెర మీద కనిపించేది తెలుగే అయినా లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల కోడ్లు, అకారాదిగా పేర్చమంటే పేర్చలేదు. కాబట్టి ప్రచురణకర్తతో ఇప్పుడే మాట్లాడు. డెమీ సైజు (పుస్తకాలకు వాడే ఒక కొలత) అయితే కొలతలు అడిగి తీసుకుని ఫైల్‌లో పేజీ సైజు, మార్జిన్లు నువ్వే పెట్టెయ్, మండలి, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంటు ఎంచుకో, పీడీఎఫ్ నువ్వే చేసి ఇవ్వు. మొహమాటపడి ఊరుకోకు.

ముందుమాట, విషయసూచిక పేజీలకు రోమన్ అంకెలు వేసి, అసలు రాత ఒకటితో మొదలుపెడితే ముందు పేజీలు పెరిగినా తగ్గినా సూచిక చెదరదు. ప్రూఫులు పూర్తిగా దిద్దాక, ఫాంటు సైజు ఇక మార్చనని తేల్చుకున్నాక, విషయసూచిక ముందు, పదసూచిక తర్వాత అప్‌డేట్ చేసి, పీడీఎఫ్‌లో అక్కడక్కడా ఇరవై పేర్లు తీసి ఆ పేజీల్లో నిజంగా ఉన్నాయో లేదో చూడు. ఒక్కటి తప్పినా మొత్తం మళ్లీ చూడాల్సిందే.

ఈలోగా ఆ పేర్ల కాగితం ఫోటో తీసి నాకు పంపించు, రుద్రులను, ఊర్లను నేనూ ఒకసారి చూస్తాను.

మీ పెద్దమ్మ