తుప్పు పట్టిన పాత జర్మన్ కార్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 1970ల నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఒకటి బేరానికి వచ్చింది. కొత్తగా రంగు వేశారు, తళతళలాడుతోంది. తలుపు కింద మాత్రం రెండు మూడు చోట్ల రంగు బుడగల్లా లేచింది. అది పైపై తుప్పేనని అమ్మేవాళ్లు అంటున్నారు. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నమ్మకండి. రాయి తగిలో గీత పడో పట్టిన తుప్పు ఆ గీత చుట్టూ గోధుమ రంగు మరకలా పాకుతుంది. ఎమరీతో రుద్దితే కింద మెరిసే ఇనుము బయటపడుతుంది. బుడగ అలా కాదు. రేకు లోపలి వైపు నుంచి తినేసుకుంటూ వచ్చిన తుప్పు చివరికి రంగును పైకి తోస్తే బుడగ లేస్తుంది. దాన్ని గీకితే ఇనుము కాదు, బెజ్జం కనిపిస్తుంది.

బేరం మాట్లాడే ముందు ఒక చిన్న అయస్కాంతం, పలచటి గుడ్డ, మొండి మొన ఉన్న స్క్రూడ్రైవర్, టార్చిలైటు పట్టుకెళ్లండి. గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని తలుపుల కింది అంచులు, చక్రాల పైనున్న మడ్‌గార్డులు, ముందు స్తంభాల మొదళ్ల మీద నెమ్మదిగా జరపండి. పట్టు సడలిన చోట రేకు మీద మందంగా పుట్టీ ఉన్నట్టు. కానీ బీటిల్ విలువ తేల్చే చోట్లు బయటికి కనపడవు. లోపలి రబ్బరు మ్యాట్లు ఎత్తి నేల రేకు అంచులు చూడండి. వెనక సీటు తీస్తే కుడి వైపు బ్యాటరీ ఉంటుంది, దాని కింది రేకును ఆమ్లం, తేమ కలిసి తినేస్తాయి. ముందు డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట అడుగు తడిమి చూడండి. అన్నిటికన్నా ముఖ్యమైనవి గుమ్మాల కింద రెండు పక్కలా సాగే హీటర్ చానళ్లు. పేరుకు ఇంజన్ నుంచి వేడి గాలి తెచ్చే గొట్టాలే గానీ, బండి బలమంతా వాటి మీదే ఉంటుంది. కింది నుంచి స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. కరకరమన్నా, మొన లోపలికి దిగినా చానల్ పోయినట్టే.

ఇంకో పరీక్ష ఉంది. ఒక పక్క జాకీ పాయింటు దగ్గర బండిని చక్రం గాలిలోకి లేచేదాకా ఎత్తి, ఆ పక్క తలుపు తీసి వేయండి. నేల మీద ఉన్నప్పుడు సాఫీగా పడిన తలుపు ఇప్పుడు పట్టేస్తే బాడీ వంగుతోందని అర్థం. బలమైన చానల్ ఉన్న బండిలో తేడా తెలియదు. ఇంజన్ చెడితే భయపడాల్సిన పని లేదు. నాలుగు బోల్టుల మీద నిలిచిన ఇంజన్ అది, ఒక్క పూటలో దింపవచ్చు. రేకు పోయిన బండిని మాత్రం సగం ధరకు ఇచ్చినా ఆలోచించండి.

ప్రశ్న: మా బీటిల్ హీటర్ చానళ్లు రెండూ పోయాయి. పాత చానల్ మీదే కొత్త రేకు పరిచి గ్యాస్ వెల్డింగ్ చేసి, పైన డాంబరు పూస్తే పదేళ్లు ఢోకా లేదని టింకర్ అంటున్నాడు. సరేననమంటారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దు. కుళ్లిన రేకు మీద మంచి రేకు పరిస్తే రెండింటి మధ్య నీళ్లు నిలుస్తాయి. పైన డాంబరు పడితే ఆ నీళ్లకు బయటికి దారి ఉండదు. పదేళ్ల సంగతి అటుంచండి, కొద్ది వానాకాలాల్లోనే కొత్త రేకూ లోపలి నుంచి పోతుంది. పైగా గ్యాస్ మంట చుట్టూ జానెడు మేర రేకును వేడెక్కించి వంకర తిప్పుతుంది.

పని ఇలా చేయించండి. బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు, సీట్లు బయట పెట్టించండి. తర్వాత ఒక్క రేకూ కోయకముందే తలుపు సందులో బలం కట్టించాలి: 25 మి.మీ. చదరపు గొట్టం ముక్క ఒకటి తలుపు బందుల నుంచి తాళం స్తంభం దాకా, ఇంకొకటి ఐమూలగా, మూడోది ఎడమ స్తంభం నుంచి కుడి స్తంభానికి అడ్డంగా. ఈ పని ఎగ్గొట్టి చానల్ కోస్తే పైకప్పు బరువుకు గుమ్మం కొన్ని మిల్లీమీటర్లు కుంగుతుంది. కొత్త చానల్ అతికాక తలుపు పట్టదు, అప్పుడు చేసేదేమీ ఉండదు. రెండు పక్కలూ ఒకేసారి కోయనివ్వకండి. ఒకటి పూర్తిగా అతికాకే రెండోది.

నేల రేకు బాగుంటే బాడీని దాని మీదే బోల్టులతో బిగించి ఉంచి కొత్త చానల్ కూర్చోబెట్టాలి. నేల రేకు బోల్టులు చానల్ లోపలి నట్లలోకే ఎక్కుతాయి గనుక బెజ్జాలు సరిగ్గా కలిస్తేనే చానల్ సరైన చోట ఉన్నట్టు. క్లాంపులతో పట్టి, నాలుగైదు చుక్కలు మాత్రం వెల్డ్ చేసి, తలుపు వేసి చూడాలి. సందు పై నుంచి కింది దాకా ఒకే తీరున ఉందనుకున్నాకే మిగతా వెల్డింగ్.

మిగ్ వెల్డింగే (తుపాకీలోంచి సన్న తీగ దానంతటదే వచ్చే కరెంటు వెల్డింగ్) అడగండి. తీగ 0.6 మి.మీ., గ్యాస్ ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ కలిసినది. ఉత్త కార్బన్ డయాక్సైడ్‌తో పలచటి రేకు తేలిగ్గా కాలి బెజ్జం పడుతుంది. పై రేకులకు 0.8 మి.మీ., నేలకూ చానల్‌కూ 1 నుంచి 1.2 మి.మీ. రేకు వాడాలి. కంపెనీ స్పాట్ వెల్డింగ్ ఉన్న చోట 8 మి.మీ. డ్రిల్లుతో పాత చుక్కలు తీసేసి, కొత్త రేకుకు 6–8 మి.మీ. బెజ్జాలు వేసి, వాటిని వెల్డ్‌తో నింపాలి. అంచుకు అంచు కలిపే చోట ఏకధాటిగా గీత లాగితే రేకు ముడతలు పడుతుంది. అందుకే ఇక్కడొక చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క, చేయి పెట్టగలిగేంత చల్లారాక మధ్యలో మరొకటి. ఓపిక లేని చేతికి ఈ పని అప్పగించవద్దు.

రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పడే చోట అతికే ముందే జింక్ ఉన్న వెల్డ్‌త్రూ ప్రైమర్ (పైనుంచే వెల్డింగ్ చేయగల ప్రైమర్) కొట్టాలి, తర్వాత అక్కడికి బ్రష్ పోదు. అంతా అయ్యాక బయట ఎపాక్సీ ప్రైమర్, అతుకుల్లో సీమ్ సీలర్, చానల్ లోపల పొడవాటి గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో తుప్పు పట్టకుండా కొట్టే మైనం). వ్యాక్స్ ఎప్పుడూ చివరే, వెల్డింగ్ మిగిలి ఉండగా కొడితే అంటుకుంటుంది.

ప్రశ్న: తుప్పు మార్చే ద్రావకం పూసి పైన ప్రైమర్ వేశాను. ఆరు నెలలు తిరక్కుండానే మళ్లీ లేచింది. మందు నకిలీదా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మందు మంచిదే కావచ్చు. సముద్రపు గాలి ఉన్న ఊళ్లో అసలు చిక్కు ఉప్పు. తుప్పు గుంటల అడుగున చేరిన ఉప్పు గాలిలో తేమను లాగుతూనే ఉంటుంది. తీగ బ్రష్‌తో రుద్దితే పైభాగం నల్లగా నిగనిగలాడుతుంది, గుంట అడుగున తుప్పు అలాగే ఉంటుంది. అందుకని ముందు రుద్దడం, తర్వాత వేడి నీళ్లతో రెండు మూడు సార్లు కడిగి ఆరబెట్టడం. తడి ఆరీ ఆరకముందే ఒక చుక్కంత చోట గోధుమ రంగు తిరిగి పూసిందా, ఉప్పు అక్కడే ఉంది. మళ్లీ కడగాలి.

ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావకమైతే 15–30 నిమిషాలు తడిగా ఉంచి, ఎండనివ్వకుండా నీళ్లతో కడిగేయాలి. మిగిలిన ఆమ్లం మీద ఎపాక్సీ ప్రైమర్ సరిగ్గా గట్టిపడదు, పట్టు వదిలేస్తుంది. మీకు జరిగింది ఇదే అయ్యుండవచ్చు. గుంటలు లోతుగా ఉంటే ఇసుకతో బ్లాస్టింగ్ చేయించడం మేలు. కానీ బానెట్, తలుపు లాంటి వెడల్పు రేకులకు వద్దు, ఇసుక దెబ్బకు ఉబ్బిపోతాయి.

ప్రశ్న: బ్రాకెట్లు, బందులు, నట్లు లాంటి చిన్న సామాను ఇంట్లోనే శుభ్రం చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: నిక్షేపంగా. నిమ్మ ఉప్పు లీటరు నీళ్లకు 50–100 గ్రాములు కలిపి, జిడ్డు కడిగేసిన సామాను అందులో వేయండి. కొన్ని గంటలకోసారి తీసి బ్రష్‌తో రుద్దుతుండండి. రాత్రంతా మరిచిపోతే మంచి ఇనుమునూ తింటుంది. తీశాక వంట సోడా నీళ్లలో ముంచి, వెంటనే ఆరబెట్టి నూనె రాయండి.

పెద్ద సామానుకు కరెంటు పద్ధతి బాగుంటుంది. ప్లాస్టిక్ తొట్టిలో నాలుగు లీటర్ల నీళ్లకు ఒక పెద్ద చెంచా చాకలి సోడా. 12 వోల్టుల చార్జర్ నెగటివ్ తీగ తుప్పు సామానుకు, పాజిటివ్ ఒక పాత ఇనుప ముక్కకు. రెండూ తగలకూడదు. పాజిటివ్‌కు స్టెయిన్‌లెస్ స్టీల్ కట్టవద్దు, నీళ్లలోకి విషపూరితమైన క్రోమియం దిగుతుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్ గనుక ఆరుబయటే చేయండి, నిప్పు దగ్గరికి రానివ్వకండి. స్ప్రింగులు, గట్టి బోల్టులు ఇందులో వేయవద్దు. హైడ్రోజన్ ఇంకి పెళుసుబారి విరుగుతాయి.

ప్రశ్న: ఇక్కడ జర్మనీలో ఒక పాత మెర్సిడెస్ డబ్ల్యూ123 కొన్నాను. హెచ్ ప్లేటు (30 ఏళ్లు దాటిన పాత బండ్లకు ఇచ్చే నంబరు ప్లేటు) తీసుకోవాలని ఉంది. చలికాలం రోడ్డు ఉప్పు నుంచి కాపాడేదెలా?
– ఒక పాఠకుడు, స్టుట్‌గార్ట్

జవాబు: 1976లో మొదలైన ఈ మోడల్ 1980ల మధ్యలో ఆగిపోయింది గనుక 30 ఏళ్ల షరతు మీ బండికి ఎప్పుడో తీరింది. మిగిలింది అసలు రూపం చెడకపోవడం, బండి మంచి స్థితిలో ఉండటం. దానికి నిపుణుడి నివేదిక కావాలి. హెచ్ వస్తే ఇంజన్ సైజుతో పని లేకుండా ఏడాదికి 191.73 యూరోల పన్ను. హెచ్‌ను సీజన్ ప్లేటుతో (ఏడాదిలో కొన్ని నెలలే చెల్లే ప్లేటు) కలపడం 2017 నుంచి కుదురుతోంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా తీసుకోండి. ఉప్పు చల్లే నెలల్లో బండి బయటికి రాదు, పన్నూ తగ్గుతుంది. కాపాడుకునే మార్గాల్లో ఇదే మొదటిది.

తనిఖీలో చూసేది జాకీ పాయింట్లు. గుమ్మం కింద జాకీ దూర్చే బెజ్జాల మూతలు ఊడిపోతే నీళ్లు నేరుగా లోపలికి పోతాయి. వెనక అద్దం కింది మూలలు, స్టెప్నీ గుంట, ముందు అద్దం కింద ఆకులు చేరే నీటి దారి, సన్‌రూఫ్ ఉంటే దాని గొట్టాలు కూడా చూడండి. బోలు భాగాలకు జర్మనీలో చాలామంది వాడే మైక్ శాండర్స్ గ్రీజును 120 డిగ్రీలకు కాచి స్ప్రే చేస్తారు. వేసవి ఎండకు అది మళ్లీ కరిగి అతుకుల్లోకి పాకుతుంది, కింది బెజ్జాల నుంచి కారుతుంది కూడా. కారుతోందని ఆ బెజ్జాలు మూసేయకండి, నీళ్లు పోయే దారి అదే.

ప్రశ్న: బీటిల్ వెనక పెట్రోలు వాసన వస్తోంది. ఇ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) వల్లేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు బండి నడపడం ఆపండి. పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కు మెత్తబడి, ఉబ్బి, చిట్లుతాయి. గుడ్డ అల్లిక ఉన్న పైపుకు పగుళ్లు బయటికి కనపడవు. ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా అన్నీ మార్చండి, పైపు మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉండాలి. పంపు డయాఫ్రం కూడా మార్చించండి. తర్వాత కార్బ్యురేటర్‌లోకి పోయే చిన్న ఇత్తడి గొట్టాన్ని చేత్తో మెలిపెట్టి చూడండి. అది బిగువు మీదే నిలిచి ఉంటుంది. వదులై ఊడితే వేడి ఇంజన్ మీద పెట్రోలు పడుతుంది, బీటిళ్లు తగలబడటానికి పేరుమోసిన కారణం ఇది. కదిలితే మర వేయించి బిగించాలి. ప్లాస్టిక్ ఫిల్టరు ఇంజన్ గదిలో వేలాడదీయకుండా గేర్‌బాక్సు ముందుకు మార్చండి.

ఎలాగూ ఇంజన్ దగ్గర ఉంటారు గనుక చుట్టూ ఉన్న రేకులు, రబ్బరు అంచు అన్నీ ఉన్నాయో చూడండి. ఒక్కటి లేకపోయినా కింది వేడి గాలినే ఫ్యాన్ మళ్లీ పీలుస్తుంది, మన ఎండల్లో అది ఇంజన్‌ను చంపుతుంది. ఆయిల్ 2.5 లీటర్లే, మడత ఫిల్టరు లేదు, ఉత్త జల్లెడ. అందుకే 5,000 కి.మీ.కు మార్చి జల్లెడ కడగాలి. వాల్వు సందు చల్లటి ఇంజన్ మీద 0.15 మి.మీ.

ప్రశ్న: మా నాన్నగారి 1972 బీటిల్‌కు వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వస్తుంది. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు కార్లు, బైకులు అర్హమే. రాష్ట్ర అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కు 5,000. రోజువారీ తిరుగుడుకు కుదరదు. ఛాసిస్, బాడీ, ఇంజన్ రూపం మార్చి ఉండకూడదు. కాబట్టి నేల రేకు పని మొదలుపెట్టే ముందు వెనక సీటు కింద, మధ్య సొరంగం మీద చెక్కిన ఛాసిస్ నంబరును ఫొటో తీసి, దాని మీద మందపాటి టేపు అంటించండి. గ్రైండర్ పట్టేవాడికి అది ఎక్కడుందో ముందే చూపించండి.