కాలేజీలో ఎవరి గ్రూపు వాళ్ళకెందుకు అంటారా? ముందు కార్తీకమాసం సంగతి చూడండి

మీ చెల్లెల్ని గుంటూరు దగ్గర యూనివర్సిటీలో చేర్చారు, అక్కడ ఆఫ్రికా పిల్లలకో గ్రూపు, నార్త్ఈస్ట్ వాళ్ళకో గ్రూపు, అంబేద్కర్ పేరుతో ఇంకో గ్రూపు ఉన్నాయి, అందరూ కలిసి చదువుకునే చోట ఈ ముక్కలేంటి, చెల్లిని వీటికి దూరంగా ఉండమనాలా అని కదా అడిగారు. నేను విజయవాడ గుంటూరు మధ్యలోనే ఇంజనీరింగ్ చేశా, హాస్టల్లో ఉండి చదివా, ఆ ధైర్యంతోనే చెప్తున్నా. బోర్డు పెట్టుకుని కూర్చునే గ్రూపులతో మనకే నష్టమూ లేదండి. మన దగ్గర అసలు గ్రూపులకి బోర్డులుండవు.

ఫస్టియర్లో చేరిన వారంలోపే ఒక సీనియర్ వచ్చి ఏ ఊరు తమ్ముడూ అంటాడు. తర్వాత ఇంటిపేరు అడుగుతాడు. అప్పటికీ తేలకపోతే మీ ఊళ్ళో ఫలానావాళ్ళు మీకేమవుతారు అంటాడు. దాంతో మనం ఏ వాట్సాప్ గ్రూపులో పడాలో, ఏ హీరో సినిమాకి మొదటిరోజు ఫ్లెక్సీ కట్టాలో కూడా తేలిపోద్ది. దీన్ని ఎవరూ గ్రూపు అనరు, "మనోళ్ళు" అంటారు అంతే.

మా ఫ్లోర్లో టాంజానియా కుర్రాళ్ళు కొంతమంది ఉండేవాళ్ళు. వాళ్ళకి డిసెంబర్ 9 స్వాతంత్ర్య దినం, 1961లో టాంగన్యికాకి, అంటే ఇప్పటి టాంజానియాలో పెద్ద భాగానికి, స్వాతంత్ర్యం వచ్చింది ఆ రోజునే. ఆ సాయంత్రం హాస్టల్ వెనకాల కాస్త వంట చేసుకుని, పాటలు పెట్టుకుంటాం అని వార్డెన్ గారి దగ్గరికెళ్తే లెటర్ రాయమన్నారు, రాశారు. ఎవరెవరు వస్తారో పేర్లు కావాలన్నారు, ఇచ్చారు. హెచ్ఓడీ సంతకం కావాలన్నారు, ఆయన సెలవులో ఉన్నారు. చివరికి "మీరంతా ఇలా ఒకచోట గుంపుగా చేరితే మిగతా పిల్లలకి ఇబ్బంది" అన్నారు.

దానికి కొద్దిరోజుల ముందే కార్తీకమాసంలో ఒక ఆదివారం ఏం జరిగిందో వినండి. కాలేజీ బస్సులే వేసుకుని, ఒకే కులం పిల్లలు, అదే కులం లెక్చరర్లు, వాళ్ళ ఫ్యామిలీలు, మామిడితోటలో వనభోజనాలు. ఉసిరిచెట్టు కింద విస్తళ్ళు, మైకు, ఆ కులం నాయకుల ఫోటోలతో గేటు బయట ఫ్లెక్సీ. వచ్చే ఆదివారం ఇంకో కులం, ఇంకో తోట. ఏ లెటరూ లేదు, ఏ లిస్టూ లేదు. నేనూ మా వాళ్ళదానికి వెళ్ళా, పనసపొట్టు కూర చాలా బాగుంది, అది వేరే విషయం. కానీ అదే క్యాంపస్‌లో పదిమంది టాంజానియా కుర్రాళ్ళు పిండి వండుకుంటే గుంపైపోయిందా?

ఎలాగోలా పర్మిషన్ వచ్చింది, పాటలు మాత్రం వద్దన్నారు. వాళ్ళు చేసుకునేది ఉగాలి, మొక్కజొన్న పిండితో. పిండి కోసం మళ్ళీ తిరుగుడు. మన తెనాలి వైపు వరి కోసేశాక దుక్కి కూడా దున్నకుండా ఎకరాలకెకరాలు మొక్కజొన్న వేస్తారు, కానీ కిరాణా షాపుకెళ్ళి మొక్కజొన్న పిండి అడిగితే కార్న్‌ఫ్లోర్ ప్యాకెట్ చేతిలో పెడతాడు, అది గంజిపొడి. పంటలో చాలామటుకు కోళ్ళ దాణాకి పోద్ది మరి. చివరికి గింజలు కొని పిండిమరలో ఆడించాం, మరాయన కోళ్ళకా బాబూ అని అడిగాడు. వాళ్ళ ఊళ్ళో తెల్ల మొక్కజొన్నట, మనది పసుపు, అయినా సర్దుకున్నారు. ఎసరు కాగాక పిండి కొంచెం కొంచెం పోస్తూ చెక్క గరిటెతో కలపాలి, గట్టిపడేకొద్దీ చెయ్యి లాగేస్తది. పక్కన చూస్తా నిలబడ్డ అనంతపురం కుర్రాడు ఆగలేక గరిటె లాక్కున్నాడు, ఇది మా సంకటే కదరా అని. ఇక వాడే మొత్తం గెలికి ముద్దలు చేశాడు. కూరకి తోటకూర తెస్తే వాళ్ళు ఎగిరి గంతేశారు, అక్కడా ఇదే ఆకుకూర, కొబ్బరిపాలు పోసి వండుతారంట.

ఆ అనంతపురం కుర్రాడి సంగతి కూడా చెప్పాలి. సీమ పిల్లలంతా మెస్సులో ఒకే టేబుల్ దగ్గర తినేవాళ్ళు. ఎందుకంటే వాడు నోరు తెరిస్తే చాలు మావాళ్ళు యాస పట్టుకుని వెక్కిరించేవాళ్ళు. శ్రీకాకుళం వాళ్ళకీ అదే గతి. మన కృష్ణా గుంటూరోళ్ళకి మనం మాట్లాడేదే అసలు తెలుగని ఒక నమ్మకం ఉంది కదా. పదిమందీ నవ్వుతుంటే ఎవడైనా తనలా మాట్లాడేవాడి పక్కకే పోయి కూర్చుంటాడు.

అంబేద్కర్ అసోసియేషన్ల గురించి కూడా అడిగారు. మీ చెల్లి చదివే జిల్లా పక్కనే చుండూరు. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారక్కడ, గొడవ మొదలైంది సినిమా హాల్లో ఒక చదువుకున్న దళిత కుర్రాడి కాలు పొరపాటున ముందున్న అగ్రకులం అబ్బాయి సీటుకి తగిలిందని. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేద్కర్ విద్యార్థి సంఘంలో పనిచేసి, 2016లో ఆత్మహత్య చేసుకున్న రీసెర్చ్ స్టూడెంట్ రోహిత్ వేములది గుంటూరే. ఇవన్నీ తెలిసి కూడా వాళ్ళకో సంఘం ఎందుకు అంటే నాకు చిరాకొస్తది. ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతికి దండేసి ఫోటో దిగడానికి అందరూ వస్తారు, స్కాలర్‌షిప్ ఆగి హాల్‌టికెట్ ఇవ్వనప్పుడు ఆఫీసు ముందు నిలబడేది మాత్రం ఆ సంఘం పిల్లలే, నేను చూశా. వివక్ష మీద ఫిర్యాదులు తీసుకోడానికి ప్రతి కాలేజీలో సెల్ ఉండాలని యూజీసీ 2012లోనే రూల్ పెట్టింది. మా కాలేజీలో ఆ గదికి బోర్డుంది, తాళం కూడా ఉంది.

పెద్దాళ్ళ భయం నాకు అర్థమవుద్ది. డెబ్బైల్లో ఎనభైల్లో బెజవాడ కాలేజీల్లో యూనియన్లు రెండు వర్గాలైపోయి కత్తుల దాకా వెళ్ళిన కథలు మా నాన్న ఇప్పటికీ చెప్తారు. అది పెత్తనం కోసం జరిగిన గొడవ. నలుగురు మణిపూర్ అమ్మాయిలు కలిసి కూర్చుని వాళ్ళ భాషలో మాట్లాడుకోడానికీ దానికీ ముడిపెట్టకండి.

ఇంకో మంట ఏంటంటే ఈ ఎత్నిక్ డేలు. ఆ ఒక్కరోజు ఫారిన్ స్టూడెంట్స్‌ని వాళ్ళ డ్రెస్సులేసి స్టేజీ ఎక్కించడం, సెల్ఫీలు, బ్రోచర్లో ఫోటో. తెల్లారి క్యాంటీన్లో వాళ్ళ బెంచీ మీద ఒక్కడూ కూర్చోడు.

మీ చెల్లిని ఆపొద్దండి, వాళ్ళ ఫుడ్ ఫెస్ట్ ఏదైనా ఉంటే వెళ్ళమనండి. పిలవకపోయినా వెళ్ళొచ్చు, ఏమీ అనుకోరు. ప్లేటు మాత్రం రూమ్‌ నుంచే తీసుకెళ్ళమనండి, అక్కడెప్పుడూ చాలవు.