డాక్టర్‌ సలహా: పక్షవాతం వచ్చిన నాన్నగారికి ఏ వీల్‌చైర్‌ కొనాలి?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 63. ఐదు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట బాగానే ఉంది. పట్టుకుంటే నిలబడతారు, రెండు మూడు అడుగులు వేస్తారు. తెలిసినవాళ్లు ఇచ్చిన మడత వీల్‌చైర్‌లో కూర్చోబెడుతున్నాం. అందులో ఎడమ పక్కకు ఒరిగిపోతున్నారు. కాసేపటికే ముందుకు జారిపోతున్నారు. గంట కాకుండానే నడుం నొప్పి, పడుకోబెట్టమంటారు. కొత్తది కొందామంటే తమ్ముడు మోటారు కుర్చీ అంటున్నాడు, అమ్మ చిన్న చక్రాల తేలికపాటి కుర్చీ చాలంటోంది. కుర్చీకి అలవాటుపడితే ఇక నడవరేమోనని నా భయం. ఏది తీసుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు

జవాబు: ఏది కొనాలన్నది కాసేపు పక్కన పెడదాం. మీ నాన్నగారు ఎందుకు ఒరిగిపోతున్నారు, ఎందుకు జారిపోతున్నారు అన్నది ముందు చూడాలి. పక్షవాతం వచ్చింది కాబట్టి అంతే అని చాలా ఇళ్లలో సర్దుకుపోతారు. కొంతవరకు నిజమే, ఎడమ పక్క కండరాల పట్టు తగ్గి ఉంటుంది. కానీ మీరు రాసిన లక్షణాల్లో సగానికి సగం ఆ కుర్చీ తెచ్చిపెట్టినవే అని నా అనుమానం.

మామూలు మడత వీల్‌చైర్‌ సీటు 18 అంగుళాలు, అంటే దాదాపు 46 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. సన్నపాటి మనిషికి ఇరుపక్కలా ఖాళీ మిగులుతుంది, బలం లేని పక్కకు ఒరిగిపోవడానికి ఆ ఖాళీయే దారి. పైగా సీటు గుడ్డతో చేసింది. కొన్నాళ్లు వాడేసరికి మధ్యలో ఊయలలా కుంగుతుంది. అలా కుంగిన సీట్లో తుంటి ఎముక వెనక్కి ఒరుగుతుంది, నడుం గూనిగా వంగుతుంది, మనిషి ముందుకు జారతాడు. నడుం నొప్పి అక్కడి నుంచే మొదలవుతుంది. ఇలా వంగి కూర్చుంటే ఊపిరి నిండుగా ఆడదు. పక్షవాతం వచ్చినవాళ్లకు మింగడంలో ఇబ్బంది కూడా ఉంటే, వంగి కూర్చుని తినేటప్పుడు పొలమారే ప్రమాదం ఎక్కువ. కాబట్టి ఇది సౌకర్యానికి మాత్రమే సంబంధించిన విషయం అనుకోకండి.

జారడానికి ఇంకో కారణం ఉండొచ్చు. కూర్చున్నప్పుడు ఆయన కుడి పాదం ఎక్కడుందో ఒకసారి గమనించండి. నేలను అందుకోవాలని ముందుకు జరుగుతున్నారా? పనిచేసే కాలు ఊరికే ఉండదు. కుర్చీని కదిలించాలని చూస్తుంది. మామూలు వీల్‌చైర్‌ సీటు నేల నుంచి దాదాపు 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. దాని మీద కుషన్‌ వేస్తే ఇంకా పెరుగుతుంది. అంత ఎత్తు నుంచి మడమ నేలకు అందదు. అందుకోవాలంటే జారాల్సిందే.

మీ నాన్నగారికి ఒక మంచి చెయ్యి ఉంది, ఒక మంచి కాలు ఉంది. ఆ రెంటినీ వాడుకోనిచ్చే కుర్చీ కొనండి. నా సలహా మొత్తం ఇదే, మిగతాదంతా దీనికి వివరణే.

కుడి చేత్తో కుడి చక్రం ఒక్కటే తిప్పితే కుర్చీ ఎడమవైపుకు గుండ్రంగా తిరుగుతుంది. కుడి పాదం నేల మీద ఆనించి దారి సరిచేస్తే తిన్నగా వెళ్తుంది. నేర్పిస్తే చాలామందికి ఈ పద్ధతి కొన్ని వారాల్లో పట్టుబడుతుంది. దీనికోసం సీటు తక్కువ ఎత్తులో ఉండే కుర్చీలు దొరుకుతాయి. హెమీ వీల్‌చైర్‌ అంటారు, సీటు ఎత్తు సుమారు 44, 45 సెంటీమీటర్లు. చూడటానికి మామూలు మడత కుర్చీలాగే ఉంటుంది, ఆ ఐదారు సెంటీమీటర్ల తేడాయే మనిషి తనంతట తాను కదలడానికి సరిపోతుంది. ఇలా నడిపేవాళ్లకు కుడివైపు ఫుట్‌రెస్ట్‌ తీసేయాలి, ఎడమవైపుది ఉంచాలి. ఒక్క జాగ్రత్త: వెనక నుంచి ఎవరైనా తోస్తున్నప్పుడు కుడి ఫుట్‌రెస్ట్‌ మళ్లీ పెట్టండి. లేకపోతే పాదం నేలకు తగిలి కుర్చీ కిందికి మడతపడుతుంది.

ఇక కొలతలు. కళ్లజోడు కొలత చూడకుండా కొనం కదా, ఇదీ అంతే. ఆయన్ని గట్టి బల్ల మీద నిటారుగా కూర్చోబెట్టి, ఇరుపక్కలా తుంటికి ఆనేలా రెండు పుస్తకాలు నిలబెట్టండి. వాటి మధ్య దూరానికి రెండు మూడు సెంటీమీటర్లు కలిపితే సీటు వెడల్పు వస్తుంది. కూర్చున్నాక ఇరుపక్కలా అరచెయ్యి బిగుతుగా దూరితే చాలు. సీటు లోతుకు పిరుదుల వెనక నుంచి మోకాలి మడత వరకు కొలిచి, నాలుగైదు సెంటీమీటర్లు తీసేయండి. సీటు మరీ లోతుగా ఉంటే దాని అంచు మోకాలి వెనక ఒరుసుకుంటుంది, అది తప్పించుకోవడానికి మళ్లీ జారతారు. ఎత్తు కోసం చెప్పులు వేసి, మోకాలి మడత నుంచి మడమ దాకా కొలవండి. కూర్చున్నాక కుషన్‌ ఎంత మందం మిగులుతుందో అంత అందులోంచి తీసేస్తే సీటు ఎత్తు తెలుస్తుంది. కుషన్‌ సంగతి మరిచిపోయి కుర్చీ కొన్నవాళ్లు ఇంటికెళ్లాక కాలు అందడం లేదని తిరిగి వస్తుంటారు.

అమ్మగారు చెప్పింది నాకు అర్థమైంది. రోజూ ఎత్తేది, తోసేది ఆవిడే అయ్యుంటారు. చిన్న చక్రాల కుర్చీ తేలిక, మడిచి కారులో పెట్టడం సులువు. ఆస్పత్రికి తీసుకెళ్లి తీసుకురావడానికి అది బాగానే ఉంటుంది. కానీ అందులో చేత్తో తిప్పుకునే పెద్ద చక్రాలు ఉండవు. రోజంతా అందులోనే కూర్చోబెడితే నీళ్లు కావాలన్నా, కిటికీ దగ్గరికి వెళ్లాలన్నా ఎవరినో పిలవాలి. పిలిచి పిలిచి విసిగి కొన్నాళ్లకు అడగడమే మానేస్తారు. ఇది నేను చాలామందిలో చూశాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది. అమ్మగారి నడుం గురించి కూడా ఆలోచించాలి, కాదనను. దానికి వేరే దారి ఉంది. ఇనుప కుర్చీ 18, 20 కిలోలు ఉంటే అల్యూమినియం ఫ్రేమ్‌ది అంతకంటే నాలుగైదు కిలోలు తగ్గుతుంది. వెనక చక్రాలు బటన్‌ నొక్కితే ఊడివచ్చే రకం తీసుకుంటే ఎత్తాల్సిన బరువు ఇంకా తగ్గుతుంది.

తమ్ముడి మాటకొస్తే, మోటారు కుర్చీ ఇప్పుడే వద్దంటాను. ఎడమ పక్క పడిపోయిందంటే దెబ్బ తగిలింది మెదడు కుడివైపు. అలాంటివాళ్లలో కొందరికి ఎడమవైపు ఉన్న లోకం మీద ధ్యాసే ఉండదు. చూపు బాగానే ఉన్నా అటు ఏముందో మెదడు పట్టించుకోదు. కంచంలో ఎడమవైపున్నది వదిలేస్తున్నారా? ఎడమ పక్క నుంచి పలకరిస్తే కుడివైపు వెతుకుతున్నారా? గడ్డం గీసుకునేటప్పుడు ఎడమ చెంప మరిచిపోతున్నారా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా జాయ్‌స్టిక్‌, అంటే మోటారు కుర్చీని నడిపే చిన్న పిడి, చేతికి ఇవ్వడం ప్రమాదం. ఎడమవైపు గుమ్మానికో, మనిషికో గుద్దుకునేదాకా ఆయనకు తెలియదు. కొందరికి రెండు కళ్లలోనూ ఎడమ సగం చూపే పోతుంది. దాన్ని కంటి డాక్టరు పరీక్షిస్తే తెలుస్తుంది. ఈ ఇబ్బందులేవీ లేకపోయినా, మోటారు కుర్చీల్లో చాలావాటి బరువు 40 కిలోలకు పైనే, కొన్ని 100 కిలోలు దాటుతాయి. రెండు మెట్లు అడ్డొస్తే అక్కడే ఆగిపోవాలి. మడిచే రకాలు తేలికే కానీ వాటిలో నడుముకు, పక్కలకు ఇచ్చే ఆసరా తక్కువ.

పక్షవాతం తర్వాత మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది. ఆ తర్వాత నెమ్మదిస్తుంది తప్ప ఆగిపోదు. ఐదో నెలలో ఉన్న మనిషికి శాశ్వతమన్నట్టు ఖరీదైన మోటారు కుర్చీ కొనడం తొందరపాటు. ఏడాది తర్వాత కూడా బయట దూరాలు వెళ్లాలనిపించి, ఒంటి చేత్తో అలసట వస్తుంటే అప్పుడు మళ్లీ ఆలోచించవచ్చు. అప్పుడు జాయ్‌స్టిక్‌ కుడివైపు ఉండాలని మరిచిపోకండి.

మీ భయం గురించి. కుర్చీ ఇస్తే నడక ఆగిపోదు. నడక సాధనకు రోజులో కొంత సమయం ఉంటుంది, అది ఫిజియోథెరపిస్ట్‌ చెప్పినట్టు సాగాలి. మిగతా గంటల్లో మనిషి మంచం మీద పడుకుని ఉండటం మంచిదా, కూర్చుని ఇల్లంతా తిరగడం మంచిదా? కుడి కాలితో కుర్చీ నడిపేవాళ్లకు ఆ కాలిలో సత్తువ కూడా నిలుస్తుంది. కండరాలు బిగుసుకునే గుణం ఉన్నవాళ్లలో మాత్రం కుడివైపు గట్టిగా శ్రమపడితే ఎడమ చెయ్యి, కాలు ఇంకా బిగుసుకోవచ్చు. అలా కనిపిస్తే థెరపిస్ట్‌కు చెప్పండి, కూర్చునే తీరు మారుస్తారు.

ఎడమ పక్కకు కొన్ని ప్రత్యేక ఏర్పాట్లు కావాలి. ఆ చెయ్యి ఒళ్లో పడి గానీ, కుర్చీ పక్కకు వేలాడి గానీ ఉండకూడదు. చెయ్యి బరువుకు భుజం కీలు కిందికి లాగి నొప్పి పుడుతుంది, వేళ్లు చక్రంలో పడే ప్రమాదమూ ఉంది. వెడల్పాటి ఆర్మ్‌రెస్ట్‌ గానీ, ముందు బిగించే ట్రే గానీ పెట్టించండి. ఎడమవైపు బ్రేక్‌ను కుడి చేత్తో అందుకునేలా దాని పిడికి పొడవాటి గొట్టం తొడగాలి. సీటు గుడ్డ మీద సరిగ్గా సరిపోయే గట్టి పలక, దాని మీద కుషన్‌ వేస్తే కుంగడం తగ్గుతుంది. ఇది ఇప్పుడున్న కుర్చీకి కూడా చేయొచ్చు. దయచేసి పంచెతోనో చున్నీతోనో ఛాతీకి కట్టి కూర్చోబెట్టకండి. జారితే అది మెడకు చుట్టుకుంటుంది. బెల్టు పెట్టాల్సి వస్తే తుంటికి, తొడల మొదట్లో రావాలి, పొట్ట మీద కాదు.

కుషన్‌ మీద పొదుపు చేయకండి. గంటలకొద్దీ కూర్చునే మనిషికి చర్మం దెబ్బతినడం చాలా తొందరగా మొదలవుతుంది, పక్షవాతంలో స్పర్శ తగ్గితే ఆయనకు తెలియను కూడా తెలియదు. మంచి ఫోమ్‌ కుషన్‌తో మొదలుపెట్టవచ్చు. జెల్‌ది బరువు ఎక్కువ, గాలితో నింపేది ఒత్తిడి బాగా తగ్గిస్తుంది కానీ గాలి ఎంతుందో రోజూ చూసుకోవాలి, దాని మీద కూర్చున్నప్పుడు నిలకడ కూడా కాస్త తక్కువ. మధ్యలో రంధ్రం ఉండే గుండ్రటి దిండు మాత్రం వద్దు, చుట్టూ నొక్కుకుపోయి రక్తం ఆడదు. పదిహేను నుంచి ముప్పై నిమిషాలకోసారి కాస్త పక్కకు, ముందుకు వంగి బరువు మార్చుకోవడం నేర్పండి. పక్కన ఒకరు ఉండి చేయించండి. పడుకోబెట్టాక పిరుదులు, తోక ఎముక దగ్గర చూడండి. చామనఛాయ, నలుపు చర్మం మీద ఎర్రదనం కనిపించకపోవచ్చు. ఆ చోటు వేడిగా, గట్టిగా, లేదా మిగతా చర్మం కంటే ముదురుగా ఉందేమో చేత్తో తాకి చూడాలి. అరగంటకూ ఆ మచ్చ తగ్గకపోతే కూర్చునే సమయం తగ్గించి డాక్టరుకు చూపించండి.

ఇల్లు కూడా కొలవండి. కుర్చీ మొత్తం వెడల్పు సీటు కంటే దాదాపు 20 సెంటీమీటర్లు ఎక్కువ ఉంటుంది. అన్నిటికంటే ఇరుకైన గుమ్మం చాలా ఇళ్లలో బాత్రూమ్‌దే, ముందు అది చూడండి. గడప దగ్గర ర్యాంప్‌ కట్టిస్తే ప్రతి 1 సెంటీమీటర్‌ ఎత్తుకు 12 సెంటీమీటర్ల పొడవు ఇవ్వాలి. 15 సెంటీమీటర్ల మెట్టుకు 180 సెంటీమీటర్లన్నమాట. ఇంట్లోనే వాడితే గట్టి రబ్బరు చక్రాలు చాలు. ఎగుడుదిగుడు దారుల్లో గాలి చక్రాలు మేలు, గాలి తగ్గితే బ్రేకులు పట్టవని గుర్తుంచుకోండి.

ఇదే ప్రశ్న వేరే జబ్బులతో ఉన్నవాళ్లు అడిగితే జవాబు మారుతుంది. వెన్నెముక దెబ్బతిని నడుం కింద చచ్చుబడినా చేతులు బలంగా ఉన్నవాళ్లకు మడతపడని, బాగా తేలికైన కుర్చీ కావాలి. వాళ్ల భుజాలు జీవితాంతం పనిచేయాలి కదా. రెండు కాళ్లూ తీసేసినవాళ్లకు బరువు వెనక్కి పడుతుంది కాబట్టి వెనక చక్రాల ఇరుసు ఇంకా వెనక్కి జరపాలి. తల నిలపలేనివాళ్లకు సీటు, వీపు కలిసి వెనక్కి వాలే కుర్చీ కావాలి.

2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీల్‌చైర్ల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో నాలుగు మెట్లున్నాయి: ఎంపిక, మనిషికి తగ్గట్టు అమర్చడం, వాడటం నేర్పడం, ఆ తర్వాత మళ్లీ చూడటం. చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. కొనే ముందు కనీసం అరగంట, గంట కూర్చోబెట్టి చూడనివ్వమని అడగండి. మంచం మీంచి కుర్చీలోకి మారేటప్పుడు కుర్చీ ఆయన కుడి పక్కన ఉండాలి, బ్రేకులు రెండూ వేసి ఉండాలి, ఫుట్‌రెస్టులు పైకి మడిచి ఉండాలి. వాటి మీద నిలబడితే కుర్చీ ముందుకు తిరగబడుతుంది. ఎడమ చెయ్యి పట్టుకుని మాత్రం ఎప్పుడూ లాగవద్దు.

మడత వీల్‌చైర్‌ ఎలా పుట్టిందో ఒక మాట చెప్తాను. హెర్బర్ట్‌ ఎవరెస్ట్‌ అని అమెరికాలో ఒక గనుల ఇంజినీర్‌. గని ప్రమాదంలో వెన్ను విరిగింది. కారులో పట్టే కుర్చీ కావాలన్నది ఆయన కోరిక. స్నేహితుడు హ్యారీ జెన్నింగ్స్‌తో కలిసి 1930ల మొదట్లో దాన్ని తయారుచేశారు. ఒక మనిషి నాకిది కావాలి అని అడిగితే వచ్చిన కుర్చీ అది. మీ ఉత్తరంలో తమ్ముడి మాట ఉంది, అమ్మ మాట ఉంది, మీ భయం ఉంది. నాన్నగారు ఏమన్నారో లేదు. ఆయనకు మాట బాగానే ఉందన్నారు కదా, అడగండి. తనంతట తాను ఎక్కడికి వెళ్లాలనుందో, ఏ పనికి ఇంకొకరిని పిలవడం కష్టంగా ఉందో.

ఈలోగా రేపు ఒక పని చేయండి. ఇప్పుడున్న కుర్చీలోనే గట్టి పలక, దాని మీద పల్చటి కుషన్‌ వేసి, తుంటి పూర్తిగా వెనక్కి ఆనేలా కూర్చోబెట్టండి. కుడి ఫుట్‌రెస్ట్‌ తీసేయండి. పాదం అందకపోతే అడుగున జారని మందపాటి చెప్పు తొడగండి. మీరు ఎడమ పక్కన నిలబడి, గది ఈ మూల నుంచి ఆ మూలకు వెళ్లమనండి. మొదట గుండ్రంగా తిరుగుతారు, కంగారుపడకండి. రెండు మీటర్లు తిన్నగా వచ్చారంటే, ఆ వీడియో తీసుకుని ఫిజియోథెరపిస్ట్‌కు చూపించి, తక్కువ ఎత్తు కుర్చీకి కొలతలు తీయించండి.