షుగరు క్లినిక్కి వెబ్‌సైటు రాస్తున్న చెల్లాయికి

చిరంజీవి చెల్లాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు పేజీలూ చదివాను. ఒంగోలులో షుగరు డాక్టరు గారి క్లినిక్కి వెబ్‌సైటు రాసే పని నీకు రావడం నాకు చాలా సంతోషంగా ఉంది. తెలుగులో ఆ పని శ్రద్ధగా చేసేవాళ్ళు తక్కువ. నీ వాక్యం శుభ్రంగా ఉంది, చదువుతుంటే ఎక్కడా ఆగాల్సి రాలేదు. కానీ "అంతర్జాతీయ ప్రమాణాలతో అత్యాధునిక వైద్య సేవలు", "మీ ఆరోగ్యమే మా ధ్యేయం" లాంటి మాటలు మూడు పేజీల్లోనూ ఉన్నాయి. వాటిని తీసేయమంటాను. అవి అబద్ధమని కాదు. రేపు పొద్దున నాన్నను తీసుకెళ్దామని రాత్రి తొమ్మిదింటికి పొదిలిలో కూర్చుని ఫోను చూస్తున్న కొడుక్కి వాటిలో ఒక్క జవాబూ దొరకదు.

ఇల్లు కదలకముందే రోగికి తెలియాల్సినవి చెప్పడమే క్లినిక్కు వెబ్‌సైటు పని. ఇన్నేళ్ళుగా ఆసుపత్రుల రాతకోతలు చూస్తూ నేను నమ్ముతున్నది ఇదే. రేపు డాక్టరు గారు ఉంటారా, ఎన్నింటికి వెళ్ళాలి, ఎంత డబ్బు పట్టుకెళ్ళాలి, తిని వెళ్ళాలా తినకుండా వెళ్ళాలా. ఫోనులో పేజీ తెరవగానే, వేలితో కిందికి జరపక్కర్లేకుండానే ఇవి కనిపించాలి. డాక్టరు గారి ఫొటో, చదువు, అనుభవం ఆ కిందే ఉండనీ.

నువ్వు ముందు డాక్టరు గారితో మాట్లాడి ఆ పేజీలు రాసినట్టున్నావు. ఈసారి ఫోనెత్తే అమ్మాయి దగ్గర నుంచి మొదలుపెట్టు. పొద్దున్నే వెళ్ళి ఆమె పక్కన కుర్చీ వేసుకుని, వచ్చే ప్రతి ఫోనూ విని, అవతలివాళ్ళు అడిగింది అడిగినట్టే రాసుకో. "సారు ఉన్నారా ఇవాళ?" "ఓపీ ఎంత?" "పోయిన వారం చూపించుకున్నాం, మళ్ళీ కట్టాలా?" "ఉత్త రిపోర్టులు చూపించడానికి కూడా టోకెను తీసుకోవాలా?" "పెద్దాయన మెట్లెక్కలేడు, లిఫ్టు ఉందా?" "ఆరోగ్యశ్రీ కార్డు పనిచేస్తుందా?" ఇలా వింటూ పోతే ఏ ప్రశ్న ఎక్కువసార్లు వస్తోందో నీకే తెలిసిపోతుంది. పేజీలో వరస ఆ ప్రకారమే పెట్టు. రోగి అడిగిన మాటల్నే శీర్షికలు చేయి. "మా సేవలు" అనే శీర్షిక కంటే "పాత చీటీ ఎన్ని రోజులు చెల్లుతుంది?" అన్నది పదింతలు పనికొస్తుంది.

ఫీజు వెబ్‌సైట్లో పెట్టడానికి చాలామంది డాక్టర్లు మొహమాటపడతారు, అది వ్యాపారంలా కనిపిస్తుందని. నిజానికి వైద్య వృత్తి నియమాలే ఆ వెసులుబాటు ఇచ్చాయి. 2002 నాటి ఇండియన్ మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం రోగుల్ని రాబట్టుకోవడానికి ప్రచారం చేసుకోవడం తప్పు. కానీ ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు, అడ్రసు మారినప్పుడు, కొన్నాళ్ళు అందుబాటులో లేనప్పుడు, తిరిగి వచ్చినప్పుడు పత్రికా ప్రకటన ఇవ్వొచ్చు. ఫీజు ఎంతో బహిరంగంగా చెప్పొచ్చు. 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు వచ్చాయిగానీ అదే నెలలో వాటిని నిలిపివేసి పాతవాటినే మళ్ళీ అమల్లో పెట్టారు. ఆ జాబితా ఒకసారి జాగ్రత్తగా చూడు. రోగికి కావలసిన కబుర్లే అందులో ఉన్నాయి. వెబ్‌సైటుకీ ఆ గీతే పాటించమని డాక్టరు గారికి ధైర్యంగా చెప్పు. ఓపీ ఫీజు ఎంత, ఎన్ని రోజుల్లోపు మళ్ళీ వస్తే కట్టక్కర్లేదు, పరీక్షలకు విడిగా ఎంతవుతుంది, ఫోన్‌పే తీసుకుంటారా, డబ్బులే ఇవ్వాలా. ఆరోగ్యశ్రీ కార్డు సంగతి కూడా దాచకు. ఆంధ్రలో ఆ పథకానికి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అని పేరు. జనం మాత్రం ఆరోగ్యశ్రీ అనే వెతుకుతారు కాబట్టి రెండూ రాయి. ఆ క్లినిక్కులో చెల్లకపోతే చెల్లదని ఒక్క ముక్కలో చెప్పెయ్.

ఇక పరీక్షల పేజీ. నీ మీద నాకు ఎక్కువ ఆశ ఉన్నది ఇక్కడే, నువ్వేమో దాన్ని రెండు వాక్యాల్లో దాటేశావు. మార్కాపురం నుంచో కనిగిరి నుంచో వచ్చే మనిషి తెల్లవారుజామున బస్సెక్కుతాడు. పరగడుపున రమ్మన్నారని కాఫీ కూడా తాగడు. అలవాటు కొద్దీ మాత్ర మాత్రం వేసుకుంటాడు. దారిలో చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్ళు బైర్లు కమ్ముతాయి. తీరా క్లినిక్కులో రాయించుకున్నది మూడు నెలల షుగరు పరీక్ష, అంటే హెచ్‌బీఏ1సీ. దానికి తినకుండా రావాల్సిన పనే లేదు. ఆ మనిషి పడ్డ బాధంతా ఎవరూ ఒక వాక్యం రాయకపోవడం వల్ల. కాబట్టి ఈ పేజీని ఇలా రాసి చూడు:

"పరగడుపు పరీక్షకు వచ్చేవారు రాత్రి భోజనం తరవాత కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకండి. మంచినీళ్ళు తాగవచ్చు. కాఫీ, టీ వద్దు, చక్కెర లేకుండా కూడా వద్దు. రక్తం ఇచ్చిన తరవాత తినడానికి టిఫిను వెంట తెచ్చుకోండి. తినడం మొదలుపెట్టిన టైము చూసుకోండి. అప్పటి నుంచి రెండు గంటలకు మళ్ళీ రక్తం తీస్తాం. మూడు నెలల షుగరు పరీక్ష ఒక్కటే అయితే మామూలుగా తిని రండి."

ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. రెండు గంటలు ఎప్పటి నుంచి లెక్కో చెప్పింది చూడు, చాలా క్లినిక్కుల కాగితాల్లో అదే ఉండదు. తిన్నాక చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి లెక్కేసుకునేవాళ్ళు ఎంతమందో.

ఆ పొద్దుట షుగరు మాత్ర వేసుకోవాలా, ఇన్సులిన్ తీసుకోవాలా అన్నది మాత్రం నీ అంతట నువ్వు రాయకు. డాక్టరు గారిని అడుగు, ఆయన చెప్పింది రాయి, రాసింది ఆయనకు చదివి వినిపించు. పేజీ అడుగున "డాక్టరు గారు చూసిన తేదీ" అని వేయి. దారిలో షుగరు పడిపోతే ఏం చేయాలో కూడా అక్కడే ఉండాలి. షుగరు 70 కంటే తగ్గినా, చెమటలు, వణుకు లాంటి ఆ లక్షణాలు కనిపించినా పరీక్ష సంగతి పక్కన పెట్టి, మూడు నాలుగు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్ళలో కలిపి వెంటనే తాగాలి. పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చూసుకోవాలి. మనిషికి స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోను చేయాలి. ఈ మూడు వాక్యాలూ ఏ బొమ్మా అడ్డం రాకుండా, పెద్ద అక్షరాల్లో ఉండాలి.

డాక్టరు గారి గురించి రాసేటప్పుడు పొగడ్త వద్దు. గుర్తింపు ఉన్న డిగ్రీలు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, ఎక్కడ చదివారు, ఎన్నాళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నారు, ఏయే భాషలు మాట్లాడతారు, అంతే. చిన్న కోర్సులు చేసి తెచ్చుకున్న సర్టిఫికెట్లను డిగ్రీల వరసలో కలపకు. "షుగరు శాశ్వతంగా మాయం", "మందుల్లేని జీవితం గ్యారంటీ" లాంటివి రాయమని ఎవరడిగినా ఒప్పుకోకు, ఆ పని పోయినా సరే. మందుల ప్రచారం మీద 1954లో వచ్చిన చట్టం ఉంది. ఫలానా జబ్బులకు మందు ఉందని ప్రకటనలు ఇవ్వకూడదని దాని షెడ్యూలులో పెట్టిన జాబితాలో మధుమేహం ఉంది. చట్టం సంగతి అలా ఉంచు. ఆ మాట నమ్మి ఇన్సులిన్ మానేసిన మనిషికి ప్రాణం మీదికి వస్తుంది. ఆ వాక్యం రాసిన చెయ్యి మనది కాకూడదు.

రోగుల ఫొటోలు, "నాకు నయమైంది" అనే వీడియోలు పెడదామని ఎవరో ఒకరు అంటారు. ముఖ్యంగా కాలిపుండ్ల ఫొటోలు, ముందూ తరవాతా అని. రోగి అనుమతి లేకుండా, వాళ్ళెవరో తెలిసిపోయేలా ఫొటోలు ప్రచురించడం ఆ 2002 నిబంధనల ప్రకారమే తప్పు. అనుమతి ఇచ్చినా నేనైతే పెట్టను. డాక్టరు ఎదుట కూర్చున్న రోగి కాదనలేక ఒప్పుకుని ఉండొచ్చు.

అపాయింట్‌మెంటు ఫారంలో పేరు, ఫోను నంబరు, కొత్తా పాతా, ఏ పూట వస్తారు, ఇవి చాలు. జబ్బేమిటో, ఏ మందులు వాడుతున్నారో అక్కడ అడగకు. అడిగిన ప్రతి వివరాన్నీ కాపాడే బాధ్యత క్లినిక్కుదవుతుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లీషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో దేంట్లోగానీ చదువుకునే వీలు ఉండాలి. అందులో తెలుగు ఉంది. ఆ నోటీసు నువ్వే రాయి, లాయరు భాషలో కాకుండా. రిపోర్టులు వాట్సాప్‌లో పంపమంటే ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుందో కూడా చెప్పాలి.

వీడియోలో చూపించుకోవడం గురించి కూడా నువ్వు అడిగావు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు తెప్పించుకుని చదువు. ఒకసారి ఎదురుగా చూపించుకున్నాక ఆరు నెలల్లోపు అదే డాక్టరుకి అదే జబ్బు కోసం చూపించుకుంటే దాన్ని ఫాలో అప్ కింద లెక్కేస్తాయి. షుగరు రోగులకు ఇది చాలా ఉపయోగం. తండ్రి దర్శిలో, కూతురు డాలస్‌లో ఉండే ఇళ్ళు మనకెన్నో. ఆ కూతురు అక్కడి నుంచే వేలితో నొక్కితే ఫోను కలవాలంటే క్లినిక్కు నంబరుకి ముందు +91 ఉండాలి. ఒంగోలు టైమని కూడా పక్కన వేయించు.

తెలుగు అక్షరాల విషయంలో మాత్రం నువ్వు వెబ్‌సైటు తయారుచేసే కుర్రాడి పక్కనే కూర్చోవాలి. ప్రింటింగు ప్రెస్సు నుంచి తెచ్చిన కరపత్రం అనూ అనే పాత పద్ధతి ఫాంట్లలో ఉంటుంది. దాన్ని అలాగే ఎత్తి పెడితే పిచ్చిగీతలొస్తాయి. సరేనని దాన్ని బొమ్మగా మార్చి అతికిస్తారు. బొమ్మలో ఉన్న తెలుగు వెతుకులాటలో సరిగ్గా దొరకదు. చూపు తగ్గినవాళ్ళ ఫోను దాన్ని పైకి చదివి వినిపించలేదు. షుగరు వల్ల కంటిచూపు దెబ్బతిన్నవాళ్ళు వచ్చే క్లినిక్కు అది, గుర్తుపెట్టుకో. ప్రతి అక్షరమూ ఏ ఫోనైనా చదవగలిగే యూనికోడ్‌లో టైపు చేసి ఉండాలి. వరసల మధ్య ఇంగ్లీషుకు సరిపోయేంత ఎడం ఇస్తే మన ఒత్తులు కింది వరస గుడులకు తగులుకుంటాయి. "శస్త్రచికిత్స", "రక్తహీనత" అనే మాటలు పక్కపక్క వరసల్లో పెట్టి, తక్కువ ధర ఫోనులో తెరిచి చూడు. పెద్దవాళ్ళు అక్షరాల సైజు బాగా పెంచుకుంటారు, అలా పెంచి కూడా చూడు. పేజీ పేరులో "షుగరు డాక్టరు, ఒంగోలు" అని ఉండనీ, జనం వెతికేది అలాగే.

చాలామంది అసలు వెబ్‌సైటు దాకా రారు, గూగుల్ మ్యాప్‌లో టైమింగులు చూసి బయలుదేరతారు. అక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి ఉంటే నువ్వు పడ్డ కష్టమంతా వృథా. సంక్రాంతికో, ఏదైనా కాన్ఫరెన్సుకో డాక్టరు గారు వెళ్ళినప్పుడు "ఇవాళ ఓపీ లేదు" అనే ఒక్క వాక్యాన్ని రెండు చోట్లా ఎవరు మారుస్తారో ముందే తేల్చుకో. ఫోనెత్తే అమ్మాయే తన ఫోను నుంచి మార్చగలిగేలా ఉండాలి. దీనికి మనిషిని ఏర్పాటు చేయలేమంటే తేదీలు వేయకుండా, "బయలుదేరే ముందు ఈ నంబరుకి ఫోను చేయండి" అని రాయడమే మేలు. అడ్రసు ఆటో అతనికి చెప్పినట్టు రాయి. బస్టాండు నుంచి ఎటు, ఏ గుడి దాటాక, ఎన్నో అంతస్తు.

డొమైను పేరు, అంటే వెబ్‌సైటు చిరునామా, డాక్టరు గారి పేరు మీదే కొనిపించు. తయారుచేసినవాళ్ళ పేరు మీద కొని, తరవాత ఇద్దరికీ చెడి, పాత ఫోను నంబరే ఏళ్ళ తరబడి అలా ఉండిపోయిన క్లినిక్కు ఒకటి నాకు తెలుసు. రోగులు ఇంకా ఆ నంబరుకే చేస్తూ ఉంటారు.

ముందు పరీక్షల పేజీ తిరగరాసి పంపు, మిగతావి తరవాత. నాకు పంపేలోపు క్లినిక్కు వరండాలో కూర్చున్న ఎవరైనా పెద్దావిడకి చదివి వినిపించి, "రేపు మీరు ఎలా వస్తారు?" అని అడుగు. ఆవిడ ఏం చెప్పిందో అది కూడా రాసి పంపు.

మీ అక్క