కాకినాడలో కట్టబోయే ఇంటి కప్పు, గోడల గురించి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నీవు పంపిన ప్లాను, ఖర్చుల అంచనా రెండూ చూశాను. గదుల అమరిక బాగానే ఉంది. అంచనా కాగితంలో మాత్రం నాలుగు ఏసీలకు, ఫాల్స్ సీలింగుకు, పడకగదుల వాల్‌పేపరుకు విడివిడిగా మొత్తాలు వేసుకుని, కప్పు మీద వేయవలసిన పొరలన్నింటికీ కలిపి "వాటర్‌ప్రూఫింగ్" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఈ వరుస తిరగబడాలని నా అభిప్రాయం. ఇంటిని ఎండకూ వానకూ అడ్డుగా నిలబెట్టేవి కప్పు, బయటి గోడలు, కిటికీలు. డబ్బు ముందుగా వాటికి కేటాయించి, మిగిలినదానితో ఏసీలు కొనుక్కుంటే నాలుగుకు బదులు రెండే సరిపోవచ్చు.

మీరిద్దరూ ఇన్నేళ్ళుగా హైదరాబాదులో ఉన్నారు కనుక మొదట ఒక తేడా చెప్పాలి. అక్కడి వేసవి చాలా వరకు పొడి ఎండ. రాత్రి కిటికీలు తెరిస్తే ఇల్లు కొంత చల్లబడుతుంది. కాకినాడలో ఉక్కపోత. రాత్రి అయినా వేడి పెద్దగా తగ్గదు, గాలిలో తేమ అసలే తగ్గదు. అందువల్ల అక్కడ వేడి ఒక్కటి ఆపితే సగం పని అయినట్టే గాని, ఇక్కడ వేడినీ తేమనూ కలిపి ఆలోచించకపోతే ఒకదానికి చేసిన మందు రెండోదాన్ని ముదరబెడుతుంది.

కప్పుతో మొదలుపెడతాను, ఎందుకంటే మన అక్షాంశంలో వేసవి ఎండ ఏ గోడ మీదకన్నా కప్పు మీదే ఎక్కువగా పడుతుంది. కాకినాడలో మే మొదటి పక్షంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. పగలంతా కాగిన స్లాబు ఆ వేడిని నెమ్మదిగా కిందికి దించి, మీరు పడుకునే వేళకు గదిలోకి వదులుతుంది. ఫ్యాను వేసినకొద్దీ వేడిగాలే వస్తోందని అందరూ చెప్పుకునేది ఇందుకే. ఫాల్స్ సీలింగు ఆ కాగిన స్లాబును కళ్ళకు కనబడకుండా చేస్తుంది గాని కాగకుండా ఆపదు. వేడిని ఆపే పొర స్లాబుకు పైన ఉండాలి. అప్పుడు పగటికీ రాత్రికీ మధ్య స్లాబు వ్యాకోచించి సంకోచించడం తగ్గుతుంది, పగుళ్ళు తగ్గుతాయి, దాంతో కారడమూ తగ్గుతుంది.

కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో ఇళ్ళ కోసం విడుదల చేసిన నియమావళి ఎకో నివాస్ సంహిత, కప్పు గుండా దిగే వేడికి ఒక పరిమితి పెట్టింది: లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరుకు 1.2 వాట్లు మించకూడదు. ఆరంగుళాల మామూలు స్లాబు ఒక్కటే అయితే ఆ లెక్క 3కు పైనే ఉంటుంది. స్లాబు మీద వేడిని ఆపే గట్టి నురగ పలక, అంటే 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ బోర్డు పరిస్తే 1కి చాలా దిగువకు వస్తుంది. థర్మోకోల్ చవకగా దొరుకుతుందని మేస్త్రీ అంటాడు. అది నీళ్ళు పీల్చుకుంటుంది కనుక కప్పు మీద వద్దు.

పొరల వరుస కూడా ముఖ్యమే. మొదట స్లాబు మీద నీటి గొట్టాల వైపు నూటికి ఒకటి చొప్పున వాలు తీయించాలి. పిట్టగోడ కలిసే మూలను లంబకోణంగా వదలకుండా గుండ్రంగా మెత్తించి, వాటన్నిటి మీదా వాటర్‌ప్రూఫింగ్ కోటింగు వేసి, ఆ కోటింగును పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు వరకు తీసుకుపోవాలి. చాలా డాబాలు కారేది నడిమధ్యన కాదు, ఈ మూలల్లోనూ గొట్టాల నోళ్ళ దగ్గరా. కోటింగు ఆరాక, స్లాబు క్యూరింగుకు కట్టినట్టే మళ్ళీ మడులు కట్టించి, రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి, కింద గదుల్లో టార్చిలైటు వేసి ఒక్కో మూలా చూడండి. తడి ఎక్కడా లేదని తేలాకే బోర్డు పరిచి, పైన కాంక్రీటు, తెల్లటి టైల్సు వేయించండి. తెలుపు రంగు ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఈ కారణంతోనే. అయితే ఏడాదికి ఒకసారైనా కడగకపోతే ఆ తెలుపు పాచి కింద మాయమవుతుంది, దాని ప్రయోజనమూ అంతే.

గోడలలో మీరు భయపడవలసినది పడమటి గోడ. మే నుంచి జూలై దాకా సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా నడుస్తాడు కనుక దక్షిణపు గోడకు అప్పుడు ఎండ చాలా తక్కువ. వాస్తు ప్రకారం మీ పడకగది నైరుతిలో పెట్టారు. వద్దని నేను అనను, అన్నా అల్లుడుగారి ఇంట్లో ఒప్పుకోరు. కాని ఆ గది పడమటి గోడ మధ్యాహ్నమంతా ఎండ తాగి, రాత్రి పది గంటలకు దాన్ని మీ మంచం వైపు వదులుతుంది. అందువల్ల ఆ గదికి అనుబంధంగా ఉన్న స్నానాలగదిని తూర్పు నుంచి తీసి పడమటి గోడ వెంబడి పెట్టమని మీ ఆర్కిటెక్టును అడుగు. ఎండ దెబ్బ ముందుగా దానికి తగులుతుంది. గోడకు సిమెంటు ఇటుక అంటున్నారట. అది వేడిని ఆపే విషయంలో ఎర్ర ఇటుకకన్నా చెప్పుకోదగ్గ మేలేమీ కాదు. లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మెలు ఉంటాయి, వాటిని ఏఏసీ అంటారు; ఎనిమిది అంగుళాల ఆ దిమ్మెలతో కడితే, తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక గోడ గుండా వచ్చే వేడిలో సగం కూడా రాదు. అయితే ఏఏసీ నీటిని పీల్చుకునే సరుకు కనుక, అది కాంక్రీటు స్తంభాన్నీ దూలాన్నీ కలిసే ప్రతి గీత మీదా మెష్ (జాలీ) కొట్టించిన తరవాతే ప్లాస్టరింగ్ చేయించాలి. అక్కడ వచ్చే వెంట్రుకవాసి పగులు చాలు, తుఫాను జల్లు గోడ లోపలికి చేరడానికి.

కిటికీల దగ్గర రెండు పనులు. ఒకటి గాలికి సంబంధించినది. సంహిత ప్రకారం మన తీరప్రాంతంలో తెరుచుకునే కిటికీలు, తలుపుల వైశాల్యం కార్పెట్ ఏరియాలో కనీసం ఆరో వంతు ఉండాలి. మీరు ఎంచుకున్న స్లైడింగు కిటికీ ఎంత పెద్దదైనా సగమే తెరుచుకుంటుంది. సాయంత్రపు పైరగాలి కోసమే కిటికీ పెట్టుకునేటప్పుడు, రెక్కల కిటికీ పెట్టుకోవడం న్యాయం. రెండోది వానకు సంబంధించినది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో వాన పైనుంచి కాకుండా పక్కనుంచి కొట్టింది. కిటికీ అడుగు గట్టు బయటికి వాలుగా ఉండాలి, ఫ్రేముకూ గోడకూ మధ్య సందు సీలెంటుతో పూర్తిగా మూసి ఉండాలి. సన్‌షేడ్ అడుగున, అంచుకు రెండంగుళాలు లోపలగా, ప్లాస్టరింగ్ పచ్చిగా ఉండగానే 12 మిల్లీమీటర్ల ఊచను ఒత్తి తీయించి గాడి పెట్టించు. నీటి చుక్క ఆ గాడి దాటి గోడ వైపు రాలేక అక్కడే రాలిపోతుంది. పైసా ఖర్చు లేని ఈ పని, మనిషి దగ్గరుండి చేయించకపోతే జరగదు. పడమటి కిటికీకి మాత్రం సన్‌షేడ్ ఎంత ముందుకు తెచ్చినా వాలిన ఎండను ఆపలేదు. దానికి బయట వెదురు తడికో, నిలువు పలకలో కావాలి. లోపల వేసే కర్టెను, వేడి అద్దం దాటి వచ్చేశాక ఆపుతుంది.

ఇక వాల్‌పేపరు సంగతి. అమెరికాలో ఇళ్ళు కట్టే వీడియోలు చూసి, గోడ లోపలి వైపు ప్లాస్టిక్ పొర వేస్తే తేమ రాదని అల్లుడుగారు అన్నారని రాశావు. మంచు కురిసే ఊళ్ళలో అది సబబే, ఎందుకంటే అక్కడ వెచ్చటి తేమగాలి ఇంటి లోపల ఉండి, చల్లటి బయటి వైపుకు పోతుంది. మన దగ్గర ఏసీ వేసిన గదికి ఇది పూర్తిగా ఎదురు. బయట గాలి 32 డిగ్రీల వేడితో, 75 శాతం తేమతో ఉందనుకో; ఆ గాలి 27 డిగ్రీల దగ్గరున్న దేనికి తగిలినా నీరవుతుంది. మీ గది 24 డిగ్రీల్లో ఉంటుంది. గోడ గుండా లోపలికి వచ్చే ఆ తేమకు వినైల్ వాల్‌పేపరో, పీవీసీ ప్యానెలో అడ్డుపడితే అది దాని వెనకే నీరై నిలిచి, నల్లటి బూజు పడుతుంది. బయటి గోడకు ఆనించి కట్టిన వార్డ్‌రోబులోని పట్టుచీరలకు ముక్కిపోయిన వాసన వచ్చేది కూడా ఇలాగే. కనుక వాన నీరు చొరబడకుండా బయటి వైపు మంచి పూత వేయించి, లోపలి వైపు మామూలు ఎమల్షన్‌తో వదిలేయండి. ఆ కాస్త తేమ గదిలోకి వచ్చి ఏసీ నీళ్ళ గొట్టంలో పోతుంది. వార్డ్‌రోబులు లోపలి గోడలకు మార్చండి. గదికి మించిన పెద్ద ఏసీ కూడా కొనవద్దు: అది గదిని గబుక్కున చల్లబరిచి ఆగిపోతుంది, తేమ తీసేంత సేపు నడవదు.

నేల నుంచి ఎక్కే చెమ్మకు ప్లింత్ బీము (పునాది పైన గోడ కింద వచ్చే దూలం) మీద డీపీసీ, అంటే చెమ్మను ఆపే పొర, వేయించడం తెలిసిందే. దాన్ని వేయించాక, మొక్కల కోసమని గోడ పక్కన దానికన్నా ఎత్తుగా మట్టి పోస్తే వేసి లాభం లేదు. మీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే కాంక్రీటుకూ క్యూరింగుకూ వాడవద్దు, ట్యాంకరు తెప్పించుకోండి.

స్లాబుకు సెంట్రింగు మొదలయ్యేలోపు తేల్చవలసినది ఒకటుంది. సోలార్ ప్యానెళ్ళ స్టాండ్లు, నీళ్ళ ట్యాంకు, ఏసీ బయటి యూనిట్లు ఎక్కడెక్కడ వస్తాయో ప్లాను మీద గుర్తు పెట్టించి, వాటికి దిమ్మెలు స్లాబుతోపాటే పోయించండి; వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక ఎవరినీ ఆ కప్పు మీద డ్రిల్లు పెట్టనివ్వవద్దు. ఆ గుర్తులు పెట్టిన ప్లాను నాకు ఒకసారి పంపితే, నీళ్ళ వాలుకు ఏ దిమ్మె అడ్డొస్తుందో చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మావయ్య