రిసైటల్‌లో కష్టమైన కాన్చెర్టో లేకపోతే సీటు రాదా?

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ క్లారినెట్ నేర్చుకుంటోంది, సంగీతంలోనే డిగ్రీ చేస్తానంటోంది. కొన్ని నెలల్లో 45 నిమిషాల సోలో రిసైటల్ ఉంది. ఆ రికార్డింగే దరఖాస్తుతో పంపుతాం. షూమాన్ ఫాంటసీ పీసెస్, స్ట్రావిన్‌స్కీ త్రీ పీసెస్, సాన్-సాన్స్ సొనాటా చాలని వాళ్ల టీచరు అంటున్నారు. అమ్మాయికి సాన్-సాన్స్ అంటే ఇష్టమే. కానీ ఆమె వయసు పిల్లలు వీడియోల్లో నీల్సన్, ఫ్రాన్సే కాన్చెర్టోలు (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పెద్ద రచనలు) వాయించేస్తున్నారు. ఆ వీడియోలు ఆమెకు రోజూ పంపుతూనే ఉన్నాను. ఇంత తేలిక ప్రోగ్రామ్‌తో సీటు వస్తుందా? రెండు రకాల ప్రోగ్రాములూ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి

జవాబు: మీరు అడిగింది ప్రోగ్రామ్ గురించే, కానీ మీ అసలు భయం వేరు. మా అమ్మాయి వెనకబడిపోయిందా అన్నది మీ బెంగ. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తాయి. పీస్ పేరు మారుతుంది గానీ బెంగ అదే. అందుకే ముందు దానికే జవాబిస్తాను. ఈ మూడు పీసులనూ ఒకే సిటింగ్‌లో నిలబడి వాయించగలదని టీచరు నమ్మిన పిల్ల వెనకబడలేదు. టెన్షన్ పడకండి.

'తేలిక' అన్నారు కదా, సాన్-సాన్స్ 1921లో, తన చివరి సంవత్సరంలో రాసిన ఆ సొనాటాలో మూడో భాగం తెరిచి చూడండి. పేజీలో నోట్లు తక్కువే. ముందు క్లారినెట్ బాగా కింది స్థాయిలో, బరువుగా, గట్టిగా నడుస్తుంది. తర్వాత అదే ట్యూన్ రెండు స్థాయులు (ఆక్టేవులు) పైకి వెళ్లి, వినీవినబడనంత మెల్లగా రావాలి. రీడ్ (ఊదే చోట కంపించే పలుచని రెల్లు ముక్క) సరిగ్గా లేకపోతే ఆ పై స్వరం పలకదు. పెదవి బిగించి పలికిద్దామంటే శ్రుతి పైకి పోతుంది. వేళ్ల వేగం చూపించి గట్టెక్కే వీలు అక్కడ లేదు. ఆ ఒక్క పేజీలో పిల్ల ఊపిరి, చెవి, ఓపిక మూడూ బయటపడతాయి. వినేవాళ్లు వెతికేది వాటినే.

పరీక్ష కోసమని పుట్టిన పీసే ఒకటుంది, డెబ్యుసీ 'ప్రీమియర్ రాప్సొడీ'. 1910లో పారిస్ కన్సర్వటోరీ అనే సంగీత కళాశాల క్లారినెట్ పరీక్షకు రాశాడు, జ్యూరీలో తనూ కూర్చున్నాడు. అంత పేరున్న పరీక్ష పీసూ మొదలయ్యేది నెమ్మదిగా, చాలా మెత్తటి స్వరాలతోనే. వేగం తర్వాతెప్పుడో వస్తుంది.

ఇక ఆ వీడియోల సంగతి. ఈ ఫ్యాషన్ మీద నాకు చాలా అనుమానాలున్నాయి. నీల్సన్ కాన్చెర్టో (1928) గొప్ప రచన, అందులో సందేహం లేదు. కానీ దాదాపు 25 నిమిషాలు ఆగకుండా సాగుతుంది. ఆక్సెన్‌వాద్ అనే ఆరితేరిన కళాకారుడిని మనసులో పెట్టుకుని రాసింది. అందులో క్లారినెట్‌తో అడుగడుగునా తగువాడేది స్నేర్ డ్రమ్. పియానోతో వాయిస్తే ఆ డ్రమ్ ఉండదు, సగం నాటకం పోయి కష్టం మాత్రం మిగులుతుంది. వీడియోలో మీరు చూసేది అలిసిపోని పెదవితో, ఎన్నోసార్లు తీసిన వాటిలో ఏరుకున్న ఒక్క టేక్. రిసైటల్ అలా కాదు. 30 నిమిషాలు దాటాక పెదవి వణకడం మొదలవుతుంది, అప్పుడు కూడా శ్రుతి నిలవాలి.

ఇంకో నష్టం కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఒకే షోపీస్ మీద ఏడాది గడిపిన పిల్లలు సీటు తెచ్చుకున్నాక, కొత్త నోట్లు అప్పటికప్పుడు చూసి వాయించమంటే తడబడటం, పక్కవాళ్లతో కలిసి వాయించమంటే బెదిరిపోవడం నేను చూశాను. రేపు ఆర్కెస్ట్రా ఉద్యోగం దగ్గర ఎక్కువగా అడిగేది మోజార్ట్ 1791లో రాసిన కాన్చెర్టోనే. అదీ మొదటి రౌండ్లలో చాలాచోట్ల తెర వెనక నిలబడి, కొద్ది నిమిషాలే. ఆర్కెస్ట్రాలో క్లారినెట్ కుర్చీలు రెండు నుంచి నాలుగు దాకా ఉంటాయి, వయొలిన్లలా డజన్ల కొద్దీ కాదు. కాబట్టి పోటీ గట్టిదే, మీ భయానికి కారణం లేకపోలేదు. అయితే ఆ పోటీలో నిలబెట్టేది స్వరం, లయ, శ్రుతి. బోధన, ఛాంబర్ సంగీతం (కొద్దిమంది కలిసి వాయించేది), బ్యాండ్లు లాంటి మిగతా దారుల్లోనూ అడిగేవి అవే.

కష్టమైన ప్రోగ్రామ్ ఎవరికీ పనికిరాదని కాదు. నీల్సన్ ఇప్పటికే వేళ్లకు పట్టుబడి, టీచరే వాయించమంటే వాయించాలి. మీ అమ్మాయి విషయంలో ఆ రెండూ లేవు. పోలిక అక్కడికి ముగిసింది.

ఇప్పుడు మీతో కాస్త గట్టిగానే మాట్లాడాలి. మీ అమ్మాయి ఇష్టానికి ఉత్తరంలో ఒక్క వాక్యం ఇచ్చారు, ఆ వెంటనే 'కానీ' అన్నారు. ఆమె ఊపిరి ఎంతసేపు నిలుస్తుందో, ఏ స్వరం దగ్గర పెదవి జారుతుందో వారం వారం వింటున్నది టీచరు. మీరు వింటున్నది వేరే ఇంటి పిల్లల్ని. రోజూ పంపే ఆ వీడియోలు ఆమెకు చెప్పేది ఒక్కటే, 'నువ్వు చాలవు' అని. అది మనసులో పెట్టుకుని స్టేజి ఎక్కిన పిల్లకు మొదట పోయేది ఊపిరి. వీడియోలు ఇవాళే ఆపండి.

టీచరు వేసిన వరస కూడా ఒకసారి చూడండి. క్లారినెట్‌లో శ్రుతి వేరువేరుగా ఉండే రెండు వాద్యాలు వాడతారు, 'A' (ఎ), బి-ఫ్లాట్. షూమాన్ 1849లో ఫాంటసీ పీసెస్ మూడింటినీ 'A' క్లారినెట్ కోసం రాశాడు. స్ట్రావిన్‌స్కీలో మొదటి రెండూ 'A' క్లారినెట్‌కే, మూడోది బి-ఫ్లాట్‌కి. సాన్-సాన్స్ బి-ఫ్లాట్. అంటే వాద్యం మార్చేది ఒక్కసారే, అదీ పియానో తోడు లేని స్ట్రావిన్‌స్కీ మధ్యలో. ఎంత ఆలోచించి పెట్టారో! దాదాపు పావుగంట పక్కన పడున్న బి-ఫ్లాట్ క్లారినెట్ చల్లబడి శ్రుతి దిగుతుంది. కాబట్టి సాన్-సాన్స్ మొదలుపెట్టే ముందు పియానోతో మళ్లీ శ్రుతి చూసుకోమనండి.

ఈ మూడూ కలిపి సుమారు 32 నిమిషాలు. ఇంకేదైనా చేర్చాలనుకుంటే 8 నిమిషాల డెబ్యుసీకి చోటుంది. స్ట్రావిన్‌స్కీ తర్వాత చిన్న విరామం ఇచ్చి, పెదవి తేరుకున్నాక అది పెట్టొచ్చు. ఆ మాట టీచరు ముందు ఎత్తాల్సింది మాత్రం అమ్మాయి, మీరు కాదు. వద్దంటే వదిలేయండి. మీరు చేయగలిగిన పని ఒకటుంది. పియానిస్టును ఇప్పుడే మాట్లాడి, రిసైటల్‌కు చాలా ముందే రిహార్సల్ తేదీలు ఖాయం చేయండి. ఆ గదిలోకి మాత్రం వెళ్లకండి.