అరవై నిండకుండా పోయినవారి లెక్క: ఇదీ ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది కోనసీమలో రెండున్నర వేల జనాభా ఉన్న లంక గ్రామం. మావారు రెండేళ్ల క్రితం నోటి క్యాన్సర్‌తో 51వ ఏట చనిపోయారు. అదే ఏడాది మా ఊళ్లో అరవై నిండని మరో ఇద్దరు కూడా క్యాన్సర్‌తోనే పోయారు. చెరువుల్లో వాడే మందుల వల్లనని కొందరు, కాలువ నీళ్ల వల్లనని కొందరు అంటున్నారు. మా అమ్మాయి స్టాటిస్టిక్స్ మేజర్‌గా డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకోమంటే వినడం లేదు. ఉద్యోగ వయసులోనే ఒక ప్రాంతంలో ఎక్కువమంది, మరో ప్రాంతంలో తక్కువమంది ఎందుకు పోతున్నారో తేల్చే పనే చేస్తానంటోంది. అలాంటి ఉద్యోగం ఉందా? దానికి డాక్టరు చదవాలా? ఇల్లు గడుస్తుందా?

జవాబు: అమ్మా, ఉద్యోగం ఉంది. డాక్టరు చదవనక్కర్లేదు. ఇల్లు గడుస్తుంది గాని, మొదటి కొన్నేళ్లు బ్యాంకు ఉద్యోగంలో ఉన్నంత నిలకడ ఉండదు. అయితే ఈ మూడు మాటలతో ఉత్తరం ముగిస్తే మీ అమ్మాయికి న్యాయం చేసినవాణ్ని కాను. ఆమె మనసులో ఉన్న పనికీ, రేపు బల్ల ముందు కూర్చుని చేయవలసిన పనికీ కొంత తేడా ఉంది. ఆ తేడా తెలిశాక కూడా ఇష్టం తగ్గకపోతే ఆమెను ఆపవద్దనే నేను చెబుతాను.

మీ ఊరి సంగతితోనే మొదలుపెడతాను. మీ కష్టాన్ని అంకెగా మార్చుతున్నానని అనుకోకండి. మీ అమ్మాయి ఎంచుకున్న విద్య చేసేది అదే. దేశం మొత్తం మీద 30 నుంచి 69 ఏళ్ల లోపు వారిలో ఏడాదికి లక్షకు దాదాపు వంద మంది క్యాన్సర్‌తో చనిపోతున్నారని 2012లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. మీ ఊళ్లో ఆ వయసువారు సుమారు వెయ్యి మంది ఉంటారనుకుంటే, సగటున ఏడాదికి ఒక మరణం సంభవించాలి. కాని సగటు ఒకటి అయినంత మాత్రాన ప్రతి ఏడాదీ సరిగ్గా ఒక్కరే పోరు; ఒక ఏడు ఎవరూ పోరు, మరొక ఏడు ఇద్దరు పోతారు. డిగ్రీలో పాయిసాన్ విభాజనం, అంటే అరుదైన సంఘటనలు ఎన్నిసార్లు జరగవచ్చో చెప్పే సూత్రం, చదివిన మీ అమ్మాయికి ఈ లెక్క రెండు నిమిషాల పని: అలాంటి ఊళ్లు వంద తీసుకుంటే, ఏ విషమూ ఏ కారణమూ లేకపోయినా, ఒక ఏడాదిలో వాటిలో ఎనిమిది ఊళ్లలో మూడు గాని అంతకన్నా ఎక్కువ గాని మరణాలు కనిపిస్తాయి. కాబట్టి మూడు మరణాలను చూసి చెరువు మీదనో కాలువ మీదనో తీర్పు చెప్పలేం. అదే ఊళ్లో పదేళ్లలో పది మందికి బదులు ముప్పై మంది పోయారని తేలితే, దాన్ని యాదృచ్ఛికమని కొట్టిపారేయడానికి ఏ గణాంకవేత్తా ఒప్పుకోడు. మీకు ఈ మాట ఊరట కాదని నాకు తెలుసు, కాని మీ అమ్మాయి ఈ మాటను మీ ఎదుటే, మీ ఊరివాళ్ల ఎదుటే చెప్పగలగాలి. ఈ వృత్తిలో మొదటి పరీక్ష అదేనని నా అభిప్రాయం.

రెండోది, ప్రాంతాన్ని ప్రాంతంతో పోల్చడం. క్యాన్సర్ వయసుతోపాటు పెరిగే జబ్బు కనుక, ముసలివారు ఎక్కువ ఉన్న చోట మరణాలూ ఎక్కువగానే కనిపిస్తాయి. కోనసీమనే చూడండి: ఇంటికొకరు చొప్పున కువైట్‌కో మస్కట్‌కో హైదరాబాద్‌కో వెళ్లిపోగా, ఊళ్లో మిగిలినవారి సగటు వయసు పెరుగుతుంది. పిల్లలు ఎక్కువగా ఉన్న బీహార్ జిల్లాతో మన జిల్లాను నేరుగా పోల్చితే, అక్కడి గాలి మంచిదనే పొరపాటు నిర్ణయానికి వస్తాం. అందుకే వయసులవారీగా రేట్లు కట్టి, వాటిని ఒకే ప్రామాణిక జనాభాకు సర్ది చూస్తారు, అంటే రెండు చోట్లా వయసుల పాళ్లు ఒకటే అయితే రేటు ఎంత ఉండేదో లెక్కిస్తారు. ఒక ప్రాంతంలో క్యాన్సర్ వచ్చినవారిని నమోదు చేసే క్యాన్సర్ రిజిస్ట్రీలు దీనితోపాటు 35 నుంచి 64 ఏళ్ల వారికి మాత్రమే విడిగా ఒక రేటు కడతాయి. మన రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగి 62 ఏళ్లకు పదవీ విరమణ చేస్తాడు గనుక, మీ అమ్మాయి అడుగుతున్న ప్రశ్నకు ఇంచుమించు సరిపోయే కొలత ఇదే. కుటుంబాన్ని పోషించే వయసులో జరిగే నష్టం ఇందులో స్పష్టంగా తెలుస్తుంది. పైగా పండు ముసలివారి మరణాలకు కారణం రాయడంలో జరిగే పొరపాట్లు ఈ వయసుల్లో తక్కువ.

ఇక లెక్కకు హారం కావాలి గదా, అంటే జనాభా. మనకున్న చివరి జనగణన 2011 నాటిది. ఆ తరువాత 2022 ఏప్రిల్ 4న జిల్లాలే మారిపోయాయి. పాత తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాల స్థానంలో కాకినాడ, కోనసీమ, ఏలూరు వంటి కొత్త జిల్లాలు వచ్చాయి, మన్యం మండలాలు కొన్ని అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. పదిహేనేళ్ల నాటి మండల జనాభాలను కొత్త సరిహద్దులకు సర్ది, వలసపోయినవారిని అంచనా కట్టి, వయసులవారీగా విడదీసే పనికే ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈ పని ఎవరికీ కనిపించదు, దీనికి చప్పట్లు కొట్టేవారూ ఉండరు. దానికి మీ అమ్మాయి విసుగుపడుతుందో లేదో మీకే బాగా తెలియాలి.

లవం, అంటే మరణాల సంఖ్య, సంగతి ఇంకా కష్టం. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణం ఎక్కడ సంభవిస్తే అక్కడే నమోదు కావాలి. కోనసీమ మనిషి విశాఖ ఆసుపత్రిలో కన్నుమూస్తే ఆ మరణం విశాఖలో నమోదవుతుంది; మనిషి స్వగ్రామమేదో చూసి తిరిగి మన జిల్లా లెక్కలో వేయకపోతే, పెద్దాసుపత్రులున్న నగరంలో క్యాన్సర్ ఎక్కువని, పల్లెల్లో తక్కువని తప్పుడు చిత్రం ఏర్పడుతుంది. దీనికి భిన్నంగా, ఇక చేయగలిగింది లేదని వైద్యులు చెప్పాక ఇంటికి తెచ్చుకున్నవారు ఇంట్లోనే పోతారు, అప్పుడు మరణ కారణాన్ని వైద్యుడు ధ్రువీకరించే అవకాశమే తక్కువ. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి ఐదోవంతుకు కాస్త పైన మాత్రమే. డెల్టాలో శివారు ఆయకట్టుకు నీరు అందిందో లేదో హెడ్ స్లూయిస్ దగ్గర నిలబడి చెప్పలేనట్టే, శివారు పల్లెలో ఏ జబ్బుతో ఎవరు పోయారో రాష్ట్ర రాజధానిలోని పట్టికను చూసి చెప్పలేం.

ఈ లోటును దాటడానికి మన దేశంలో జరిగిన గొప్ప ప్రయత్నాన్ని మీ అమ్మాయి తప్పక చదవాలి. పైన నేను చెప్పిన అంచనా దానిదే. ప్రభాత్ ఝా నాయకత్వంలోని పది లక్షల మరణాల అధ్యయనంలో భాగంగా, 2001 నుంచి 2003 వరకు పదకొండు లక్షల ఇళ్లలో సంభవించిన లక్షా ఇరవై రెండు వేలకు పైగా మరణాలపై శిక్షణ పొందినవారు ఇంటింటికీ వెళ్లి, పోయినవారికి చివరి రోజుల్లో ఏయే లక్షణాలు కనిపించాయో కుటుంబాన్ని అడిగి రాసుకున్నారు. ఆ రాతలను ఇద్దరేసి వైద్యులు వేరువేరుగా చదివి కారణాన్ని నిర్ణయించారు. దాని ఆధారంగా క్యాన్సర్ మరణాలను ముంబయిలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ కేంద్రానికి చెందిన రాజేశ్ దీక్షిత్ తదితరులు విశ్లేషించారు. 2010లో దేశంలో క్యాన్సర్‌తో పోయినవారు సుమారు 5,56,400 మంది అని, వారిలో 71 శాతం 30 నుంచి 69 ఏళ్ల మధ్యవారని తేలింది. పల్లెకూ పట్నానికీ పెద్ద తేడా లేదు. అసలు తేడా చదువు దగ్గర కనిపించింది, నిరక్షరాస్యుల్లో మరణాల రేటు బాగా చదువుకున్నవారి రేటుకు రెండింతలు దాటింది. ఆ వయసు మగవారి క్యాన్సర్ మరణాల్లో నోరు, గొంతు క్యాన్సర్లది మొదటి స్థానం. ప్రాంతాల మధ్య అంతరం కూడా చిన్నది కాదు, ఈశాన్య రాష్ట్రాల్లో రేట్లు చాలా ఎక్కువ. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం లెక్కల్లోనూ ఇదే కనిపిస్తుంది: 2012–16 కాలానికి మిజోరంలోని ఐజ్వాల్ జిల్లా మగవారిలో కొత్తగా క్యాన్సర్ సోకే రేటు లక్షకు 269.4 ఉంటే, మహారాష్ట్రలోని ఉస్మానాబాద్–బీడ్ ప్రాంతంలో 39.5 మాత్రమే ఉంది.

ఇలాంటి అంతరాలను పటం మీద పెడితే ఏం లాభమని మీరడగవచ్చు. అమెరికాలో 1975లో కౌంటీలవారీగా క్యాన్సర్ మరణాల పటాలు అచ్చువేశారు. ఆగ్నేయ రాష్ట్రాల పల్లె స్త్రీలలో నోటి క్యాన్సర్ మరణాలు విపరీతంగా ఉండడం చూసి పరిశోధకులు అక్కడికి వెళ్లగా, చిగుళ్ల దగ్గర నశ్యం పెట్టుకునే అలవాటు దానికి కారణమని 1981 నాటికి రుజువైంది. ఓడల నిర్మాణ కేంద్రాలున్న తీరంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా ఉండడానికి వెనక ఆస్‌బెస్టాస్ ఉందని కూడా ఆ పటాలు చూసి తీసిన ఆరాలోనే బయటపడింది. మనకు ఈ కథ కొత్తదేమీ కాదు. ఉత్తరాంధ్ర తీరంలో స్త్రీలు చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ వల్ల అంగిటికి వచ్చే క్యాన్సర్‌ను వైద్య పరిశోధకులు దశాబ్దాల క్రితమే గుర్తించారు. మన లంకల్లో పండే పొగాకుతోనే చుట్టలు చుట్టుకున్న తరాలు మనవి. మీవారి విషయంలో ఏది కారణమో నేను చెప్పను, చెప్పకూడదు. చెరువుల మందుల మీద అనుమానం తప్పని కూడా అనను. 2025 మార్చిలో బిక్కవోలు మండలం బలభద్రపురంలో క్యాన్సర్ కేసుల మీద ఆందోళన లేచి, వైద్య బృందాలు ఇల్లిల్లూ తిరిగిన సంగతి మీరూ వినే ఉంటారు. పొగాకు, నీరు, మందులు, వైద్యం అందడంలో ఆలస్యం, వీటిలో దేని వాటా ఎంతో విడదీయాలంటే ముందు నమ్మదగిన లెక్క ఉండాలి. మీ అమ్మాయి ఉద్యోగం ఆ లెక్క దగ్గర మొదలవుతుంది.

ఇప్పుడు చదువు విషయం. డిగ్రీ తరువాత స్టాటిస్టిక్స్‌లో గాని, బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య, వైద్య విషయాల గణాంకశాస్త్రం)లో గాని ఎం.ఎస్‌సి. చేయడం నేరైన దారి. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ బయోస్టాటిస్టిక్స్, డెమోగ్రఫీ (జనాభా శాస్త్రం) కలిపి చెబుతుంది. ఆమె ప్రశ్నకు ఇంతకన్నా దగ్గరి చదువు నాకు తట్టడం లేదు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనూ, బెంగళూరు నిమ్హాన్స్‌లోనూ బయోస్టాటిస్టిక్స్ ఉంది. గణితంలో గట్టిగా ఉంటే భారతీయ గణాంక సంస్థ ప్రవేశ పరీక్ష రాయాలి, ఎం.ఎస్‌సి. ప్రవేశ పరీక్ష అయిన జామ్ ద్వారా ఐఐటీల్లోకి వెళ్లవచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని చిన్నచూపు చూడకండి. అక్కడ గణితం ఎం.ఏ. చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి గణాంక సంస్థలో చేరిన సి.ఆర్. రావు గారు, 102 ఏళ్ల వయసులో, 2023లో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ పురస్కారం అందుకున్నారు. ఎం.పి.హెచ్., అంటే ప్రజారోగ్యంలో పీజీ, మాత్రం వెంటనే వద్దు. కొన్ని సంస్థలు వైద్యేతర పట్టభద్రులను కూడా తీసుకుంటాయి గాని, లెక్క చేతికి వచ్చాక ఆ చదువు ఉపయోగపడినంతగా ముందు ఉపయోగపడదు. ఆరు నెలల్లో డేటా సైన్స్ నేర్పుతామని లక్షలు అడిగే సంస్థల జోలికి అసలే వెళ్లనివ్వకండి.

ఉద్యోగాలు ఎక్కడంటే, బెంగళూరులో రిజిస్ట్రీ కార్యక్రమాన్ని నడిపే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కేంద్రం, జబ్బుల వ్యాప్తిని అధ్యయనం చేసే చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ, టాటా మెమోరియల్ సెంటర్, దాని ఆధ్వర్యంలో విశాఖలో నడిచే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల అవకాశాల కోసం చూడాలి. నిజం దాచను: వీటిలో తొలి ఉద్యోగాలు చాలావరకు ప్రాజెక్టు ఉద్యోగాలే, నిధులున్నంత కాలమే ఉంటాయి, ఏడాదికోసారి పొడిగిస్తారు. శాస్త్రవేత్తగా శాశ్వత నియామకం దొరికితే ఏడో వేతన సంఘం పదో స్థాయి జీతం, అంటే మూల వేతనం 56,100 రూపాయల నుంచి మొదలవుతుంది. అదే స్థాయి ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసుకూ ఉంది; యూపీఎస్‌సీ ఏటా జరిపే ఆ పరీక్షకు 21 నుంచి 30 ఏళ్ల మధ్యవారు అర్హులు, ఎం.ఎస్‌సి.కి చదివిన పాఠాలే దానికి చాలావరకు పనికొస్తాయి. మందుల పరీక్షలు జరిపే ప్రైవేటు సంస్థలు హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ బయోస్టాటిస్టిక్స్ చదివినవారిని తీసుకుంటాయి. ఆ పని ఆమె కోరుకున్నది కాకపోయినా, ఇల్లు ఇబ్బందిలో పడితే రెండు మూడేళ్లు నిలబెడుతుంది. బ్యాంకు కోచింగుకు మీరు దాచిన డబ్బును ఎం.ఎస్‌సి. ప్రవేశ పరీక్షలకు, హాస్టలుకు వాడండి. స్టాటిస్టిక్స్ ఎం.ఎస్‌సి. చేసిన పిల్ల తరువాత బ్యాంకు పరీక్ష రాయలేకపోదు; బ్యాంకులో చేరాక వెనక్కి వచ్చి ఎం.ఎస్‌సి. చేసినవారిని మాత్రం నా అనుభవంలో చాలా తక్కువమందినే చూశాను.

ఒక్క విషయంలో మాత్రం మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఈ పనిలో ఎప్పుడో ఒకప్పుడు మీ ఇంటి వంటి ఇంటి అరుగు మీద కూర్చుని, ఒక భార్యను, ఆయనకు మింగుడు పడడం ఎప్పుడు కష్టమైంది, ఎన్ని కిలోలు తగ్గారు, ఏ ఊరి ఆసుపత్రికి తీసుకెళ్లారు అని అడిగి రాసుకోవలసి రావచ్చు. అది భరించలేనని ఆమె అంటే సిగ్గుపడవలసిందేమీ లేదు. కార్యాలయంలో కూర్చుని చేసే విశ్లేషణ ఉద్యోగాలు ఉన్నాయి, ముందుగా చెబితే దారి అటు మళ్లించుకోవచ్చు. భరించగలనంటే ఈ వేసవిలో ఏదైనా క్యాన్సర్ ఆసుపత్రి రిజిస్ట్రీలో నాలుగు వారాలు శిక్షణకు అవకాశం ఇమ్మని కళాశాల ద్వారా లేఖ రాయించండి. ఈలోగా ఉచితంగా దొరికే ఆర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, జాతీయ రిజిస్ట్రీ ప్రచురించే నివేదికల్లోని పట్టికలతో 35–64 వయసు రేట్లను తానే కట్టి, అచ్చయిన అంకెతో సరిపోయిందో లేదో చూసుకోమనండి. నాలుగేళ్ల ఆనర్సు చదువుతున్నా మూడేళ్లకు డిగ్రీతో బయటికి రావడానికి వీలుంది కనుక, జామ్ దరఖాస్తు వచ్చే ఏడాది మూడో సంవత్సరంలో ఉండగానే పెట్టాలి. పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది.